క్లాసుకెళ్లాలా, ఇంట్లోనే కుస్తీ పట్టాలా?

ప్రశ్న: సర్వర్లు చూసుకునే సిస్టమ్ అడ్మిన్ పని నేర్చుకుందామని ఆరు నెలల నుంచి లైనక్స్ వీడియోలు చూస్తున్నానండి. చూస్తున్నంతసేపూ అంతా వచ్చేసినట్టే ఉంటుంది, కమాండ్లు కొట్టే ఖాళీ టెర్మినల్ ముందు కూర్చుంటే మాత్రం చెయ్యి ఆడట్లేదు. ఇన్‌స్టిట్యూట్‌లో చేరితే సర్టిఫికెట్ కూడా ఇస్తారంటున్నారు. చేరిపోమంటారా?

జవాబు: ముందు ఇది చెప్పండి, ఈ ఆరు నెలల్లో మీ మెషీన్‌ని ఎన్నిసార్లు పాడుచేశారు? ఒక్కసారి కూడా లేదంటే మీరింకా సొంతంగా నేర్చుకోవడం మొదలుపెట్టనే లేదు, వీడియోలు చూస్తున్నారంతే. మన కంప్యూటర్లోనే ఉత్తుత్తి కంప్యూటర్లు నడిపించే వర్చువల్‌బాక్స్ ఉచితమే కదా, అందులో ఆల్మాలైనక్స్‌తో (లైనక్స్‌లో ఒక రకం) రెండు మెషీన్లు పెట్టుకుని, స్నాప్‌షాట్ (అప్పటి స్థితికి నకలు) తీసుకుని ఇక పాడుచెయ్యండి. బూట్ అయ్యేటప్పుడు ఏయే డిస్కులు తగిలించాలో రాసుండే ఎఫ్‌స్టాబ్ ఫైల్లో, అసలు మెషీన్‌కే లేని డిస్కు ఒకటి రాసి రీబూట్ కొడితే బూట్ మధ్యలో ఎమర్జెన్సీ మోడ్‌లో ఆగిపోతుంది, అక్కడే కూర్చుని బాగుచెయ్యాలి, స్నాప్‌షాట్‌కి వెనక్కి పోతే దొంగాటే. నేనైతే మొదట్లో ఎక్కడో దూరంగా ఉన్న సర్వర్‌లో ఫైర్‌వాల్ సర్దుతూ దూరం నుంచి లాగిన్ అయ్యే ఎస్‌ఎస్‌హెచ్‌కి దారైన 22 పోర్టు మూసేసి, హాయిగా లాగౌట్ అయ్యి, మళ్లీ లోపలికి వెళ్లలేక ఆ రాత్రంతా జాగారం చేశా. అప్పట్నుంచి ఎస్‌ఎస్‌హెచ్ జోలికి వెళ్తే పాత సెషన్ తెరిచే ఉంచి, ఇంకో విండోలోంచి లాగిన్ అయ్యి చూశాకే మొదటిది మూస్తా. క్లాసులో కూడా ఈ మాట చెప్పే ఉంటారు లెండి, ఒంటికి పట్టింది మాత్రం ఆ రాత్రే.

అలాగని క్లాసు దండగ అనను. ఒంటరిగా నేర్చుకునేవాళ్లం నచ్చినవే చేస్తాం, ఎల్‌వీఎమ్ (డిస్కు జాగాని పంచి సర్దే పద్ధతి), ఎస్‌ఈలైనక్స్ (ఫైళ్లకి లేబుళ్లు పెట్టి ఎవరు దేన్ని ముట్టుకోవచ్చో కాపలా కాసేది), తీసిన బ్యాకప్ నిజంగా తిరిగొస్తుందో లేదో చూడడం లాంటివి విసుగని దాటేస్తాం. వెబ్ సర్వర్ పర్మిషన్ డినైడ్ అనగానే ఫోల్డర్‌కి 777 కొట్టేస్తాం (అంటే అందరికీ అన్ని అనుమతులూ ఇచ్చేయడం), అప్పటికీ రాకపోతే ఎస్‌ఈలైనక్స్‌నే ఆపేస్తాం, పేజీ వచ్చేస్తుంది, మనం గెలిచేశామనుకుంటాం, తప్పురా అనేవాళ్లు పక్కన ఉండరు. మంచి మాస్టారైతే అక్కడే చెయ్యి పట్టి ఆపి, ముందు లాగ్ చదువు, ఆ ఫైలు లేబుల్ ఏముందో చూడు అంటారు. క్లాసుకి డబ్బు కట్టేది దీనికే, కమాండ్ల కోసమైతే వద్దు. అందుకని చేరేముందు ఒక డెమో క్లాసులో కూర్చుని, విద్యార్థికి రూట్ (మెషీన్‌పై సర్వాధికారాలున్న ఖాతా) పాస్‌వర్డ్ చేతికిస్తున్నారా, స్లైడ్లే తిప్పుతున్నారా చూడండి. స్లైడ్లే అయితే మీ వీడియోలే నయం.

సర్టిఫికెట్ అంటారా, ఇన్‌స్టిట్యూట్ ఇచ్చే కాగితం వేరు, లైనక్స్ కంపెనీ రెడ్‌హ్యాట్ వాళ్లు పరీక్ష పెట్టి ఇచ్చే ఆర్‌హెచ్‌సీఎస్‌ఏ వేరు. దాంట్లో నాలుగిట్లో ఒకటి టిక్కు పెట్టే ప్రశ్నలుండవు, మెషీన్ ఇచ్చి పని చెయ్యమంటారు, 300కి 210 రావాలి, ఇంటర్నెట్ ఉండదు, రీబూట్ అయ్యాక కూడా మీరు చేసింది నిలబడాలి. వీడియోలు చూసినవాళ్లూ క్లాసులో నోట్సు రాసుకున్నవాళ్లూ ఇద్దరూ తడబడేది అక్కడే, సర్వీసు స్టార్ట్ చేస్తారు, రీబూట్ అయ్యాక తనంతట తనే మొదలయ్యేలా ఎనేబుల్ చెయ్యడం మర్చిపోతారు.

నా మాటైతే ఇంకో రెండు నెలలు ఇంట్లోనే పాడుచేసి బాగుచేస్తూ, తెగని డౌట్లన్నీ ఒక నోట్‌బుక్కులో రాసుకోండి. అది నిండితే చేరిపోండి, ఆ పుస్తకం పట్టుకునే వెళ్లండి.

ప్రశ్న: లైనక్స్‌తోనే వచ్చే సహాయం పేజీలు, అదే మ్యాన్ పేజీలు చదవమంటారు అందరూ, నాకు ఒక్క ముక్క అర్థం కావట్లేదు సార్.

జవాబు: పైనుంచి కింద దాకా చదువుతున్నారేమో, అలా ఎవరూ చదవరు. చాలావాటిలో ఎగ్జాంపుల్స్ అని అడుగున ఉంటాయి, ముందు అక్కడికి దూకండి. ఇంకోటి, పేజీలకి సెక్షన్ నంబర్లు ఉంటాయి, 1లో మామూలు కమాండ్లు, 5లో ఫైళ్ల ఫార్మాట్లు, 8లో అడ్మిన్ కమాండ్లు. man passwd అని ఉత్తినే కొడితే పాస్‌వర్డ్ మార్చే ఆ కమాండ్ గురించి వస్తుంది, మధ్యలో 5 పెడితే అదే పేరున్న ఫైల్లో ఏ గడిలో ఏముంటుందో వస్తుంది. కమాండ్ పేరే గుర్తులేకపోతే మ్యాన్ పక్కన మైనస్ కే (-k) పెట్టి, తోచిన ఇంగ్లిష్ మాటేదో కొట్టి వెతకండి.