ఆగుంబె వాన, అనంతపురం కాలువ

ప్రశ్న: కర్ణాటకలో ఆగుంబె అనే చిన్న ఊళ్లో ఏడాదికి ఏడు వేల మిల్లీమీటర్ల వాన పడుతుందని చదివాను. మాకు ఐదారు వందలు పడితే ఆ ఏడు గట్టెక్కినట్టే. అంత వానలో ఊరు ఎలా నిలబడుతుంది, జనం ఏం చేసి బతుకుతారు?
- ఒక రైతు, అనంతపురం జిల్లా

జవాబు: ఊరు ఎక్కడుందో చూస్తే సగం సంగతి అర్థమైపోతుందండీ. శివమొగ్గ జిల్లా తీర్థహళ్లి తాలూకాలో, పడమటి కనుమల అంచు మీద, సముద్రమట్టానికి దాదాపు 650 మీటర్ల ఎత్తులో ఉంటుంది. రోడ్డుకు అటూ ఇటూ పెంకుటిళ్లు, ఒక గుడి, అటవీశాఖ చెక్‌పోస్టు, కొన్ని వందల జనం, అది దాటితే అడవే. ఊరికి పడమట నేల నిట్టనిలువుగా కిందికి దిగిపోతుంది. 14 హెయిర్‌పిన్ మలుపుల ఘాట్ రోడ్డు దిగితే సోమేశ్వర, ఇంకా ముందుకెళ్తే ఉడుపి, సముద్రం. జూన్‌లో అరేబియా సముద్రం మీంచి వచ్చే నైరుతి గాలి ఈ కొండగోడకు తగిలి పైకి లేస్తుంది, లేచిన కొద్దీ చల్లబడుతుంది, అందులోని తేమ చాలావరకు అక్కడే కురిసిపోతుంది. కొండ దాటి తూర్పుకు వచ్చే గాలిలో మిగిలేది తక్కువ. శివమొగ్గ చేరేసరికే వాన బాగా పలచబడుతుంది, ఇంకా ఇవతల ఉన్న మీ జిల్లా వర్షచ్ఛాయలో పడిపోతుంది. మీ కరువుకూ ఆ ఊరి వానకూ వెనక ఉన్నది ఒకే కొండల వరస.

1946 ఆగస్టులో ఆ ఒక్క నెలలోనే ఆగుంబెలో 4,508 మిల్లీమీటర్లు కురిసింది. మీ దగ్గర ఎనిమిదేళ్లు పడే వాన అది. దక్షిణాది చిరపుంజి అనే పేరు అలా వచ్చింది కానీ, ఈమధ్య కొన్నేళ్లు అదే జిల్లాలోని హులికల్‌లో ఇంతకన్నా ఎక్కువ కురుస్తోంది. ఈ పోటీ మీద నాకు పెద్ద ఆసక్తి లేదు. ఆ నీళ్లు ఎటు పోతాయన్నదే అసలు విషయం, ఎందుకంటే అందులో మీ వాటా ఉంది.

ఊరికి పడమట పడిన వాన సీతా నదిలో చేరి, బర్కణ జలపాతం దూకి సముద్రంలో కలుస్తుంది. తూర్పున పడింది మాలతి లాంటి ఏర్లలోంచి తుంగకు చేరుతుంది, తుంగ కూడలి దగ్గర భద్రతో కలిసి తుంగభద్ర అవుతుంది, హోస్పేట డ్యామ్‌లో నిలిచి, అక్కడి నుంచి ఎగువ కాలువలో, అంటే హెచ్చెల్సీలో, మీ జిల్లాకు వస్తుంది. హెచ్చెల్సీకి ఈ ఏడు నీళ్లు ఎన్ని టీఎంసీలు వస్తాయని మీరు టెన్షన్ పడుతున్నారంటే, ఆగుంబె లాంటి చోట్ల ఎంత కురిసిందని అడుగుతున్నట్టే. ఆ అడవి నేల మీద మందంగా పేరుకున్న ఆకు వాననీటిని పట్టి ఉంచి నెమ్మదిగా ఏర్లలోకి వదులుతుంది. చెట్లు కొట్టేస్తే అదే వాన మట్టిని కడిగేసుకుంటూ ఒక్కసారిగా దిగి, డ్యామ్‌లో పూడికగా మారుతుంది. తుంగభద్రలో పూడిక సంగతి మీకు నేను చెప్పాల్సిన పని లేదు. అందుకే ఆ అడవిని ఎవరో పర్యావరణం వాళ్లు చూసుకుంటారులే అని రాయలసీమ రైతు వదిలేయకూడదని గట్టిగా అనుకుంటాను. ఆగుంబె, సోమేశ్వర అడవులు 2012లో యునెస్కో వారసత్వ జాబితాలో చేరిన పడమటి కనుమల్లో భాగం కూడా.

ఇక బతుకు సంగతి. ప్రధానంగా వక్క తోటలు, లోయల్లో కాస్త వరి. జూన్ రాకముందే కట్టెలు కొట్టి చూరు కింద పేరుస్తారు, ఎండ ఉండగానే పనస అప్పడాలు పెట్టుకుంటారు, మామిడి పిందెలు ఊరేస్తారు. వానలు మొదలయ్యాక కరెంటు పోతుంటుంది, బట్టలు పొయ్యి వేడికే ఆరాలి, వాన మరీ ఎక్కువైతే బడికి సెలవు. వాలు ఎక్కువగా ఉన్న పెంకు కప్పు, వాకిట్లోకి బాగా జారిన చూరు, అన్నీ ఈ వాన కోసం కట్టుకున్నవే.

రైతు కాబట్టి మీకు వక్క గురించి కాస్త ఎక్కువ చెబుతాను. వానాకాలంలో కాయలకు కొలెరోగం వస్తుంది, ఫైటాఫ్తొరా అనే శిలీంధ్రం లాంటి సూక్ష్మజీవి వల్ల గెలలు కుళ్లి కాయలు రాలిపోతాయి. మందు మీకు తెలిసిందే, మైలుతుత్తం, సున్నం కలిపిన బోర్డో మిశ్రమం. వానలకు ముందు ఒకసారి, మళ్లీ నలభై, నలభైఐదు రోజులకు ఇంకోసారి కొట్టాలి. ఈ రెండోసారే కష్టం. జూలైలో వాన తెరిపి ఇవ్వదు, నాచు పట్టిన చెట్టు జారుతుంది, అంత ఎత్తు ఎక్కి మందు కొట్టే మనుషులు ఏటా తగ్గిపోతున్నారు. ఒక వారం ఆలస్యమైతే పంట నేలపాలు. మీకు వాన రాక పోయే పంట వాళ్లకు వాన ఆగక పోతుంది.

ప్రశ్న: మా ఏజెన్సీ వైపు గిరినాగు (కింగ్ కోబ్రా) కనిపిస్తే భయంతో కొట్టేస్తుంటారు. ఆగుంబెలో ఇంట్లోకి వచ్చినా చంపరట, నిజమేనా?
- ఉపాధ్యాయిని, అల్లూరి సీతారామరాజు జిల్లా

జవాబు: చాలావరకు నిజమేనమ్మా. మలెనాడులో, అంటే ఆగుంబె ఉన్న ఆ కొండ ప్రాంతంలో, దాన్ని కాళింగ సర్పం అంటారు, భక్తి ఉంది, భయమూ ఉంది. అయితే భక్తి ఒక్కటే కాపాడిందని నేననుకోను. పాముల నిపుణుడు రోములస్ విటేకర్ 2005లో అక్కడ వర్షారణ్య పరిశోధన కేంద్రం పెట్టారు. 2008 నుంచి పాములకు చిన్న రేడియో ట్రాన్స్‌మిటర్లు అమర్చి అవి ఎక్కడ తిరుగుతాయో, ఏం తింటాయో గమనించారు. పాము ఇంట్లో దూరితే కబురు చేసేందుకు ఊళ్లవాళ్లకు మనుషులు దొరికారు. వచ్చినవాళ్లు పామును దగ్గరలోని అడవిలోనే వదలడంతో పాటు, అది ఎందుకు వచ్చిందో అక్కడే నిలబడి ఇంటివాళ్లకు చెప్పడం మొదలుపెట్టారు. మార్చి నుంచి మే దాకా జతకట్టే కాలం, మగపాములు ఆడదాన్ని వెతుక్కుంటూ తిరుగుతాయి, లేదంటే జెర్రిపోతు వెంటపడి వస్తాయి, దాని తిండి ఎక్కువగా ఇతర పాములే. ఈ ముక్క తెలిస్తే సగం భయం పోతుంది.

ఆడపాము రాలిన ఆకుల్ని ఒంటితో కుప్పగా చేర్చి గూడు కట్టి గుడ్లు పెడుతుంది, పాముల్లో ఇలా గూడు కట్టేది ఇదొక్కటే. 2024లో పడమటి కనుమల గిరినాగును శాస్త్రవేత్తలు వేరే జాతిగా గుర్తించి ఓఫియోఫేగస్ కాళింగ అని పేరు పెట్టారు, అంటే మీ వైపు ఉండేది, అదీ ఒకటి కావు. ఒక్క జాగ్రత్త మాత్రం పిల్లలకు తప్పక చెప్పండి. మన ఆసుపత్రుల్లో దొరికే విషం విరుగుడు మందు నాలుగు రకాల పాములకే తయారైంది, ఇది వాటిలో లేదు. దూరం జరగాలి, అటవీశాఖకు ఫోన్ చేయాలి, పట్టే ప్రయత్నం ఎవరూ చేయకూడదు.

ప్రశ్న: జూలైలో పిల్లలతో రెండు రోజులు వెళ్దామనుకుంటున్నాం. ఏమేం చూడొచ్చు?
- హైదరాబాద్ నుంచి ఒక పాఠకుడు

జవాబు: జూలైలో అయితే వాన చూడొచ్చు. సూర్యాస్తమయం చూసే చోటు మబ్బులో మునిగి ఉంటుంది, అడవిలోని జలపాతాలకు అటవీశాఖ అనుమతి కావాలి, జోరు వానల్లో ఆ దారులు మూసేస్తారు, జలగలు సరేసరి. దానికి సిద్ధపడి వరండాలో కూర్చుని వాన వినే ఓపిక మీ పిల్లలకుంటే తప్పకుండా వెళ్లండి. లేదంటే నవంబరు, జనవరి మధ్య పెట్టుకోండి, ఆకాశం తేటగా ఉన్న రోజున కొండ అంచు నుంచి సముద్రం కూడా కనిపిస్తుంది. శివమొగ్గ దాకా రైలు, అక్కడి నుంచి తీర్థహళ్లి మీదుగా బస్సు ఉంది. ఉడుపి వైపు నుంచి కారులో వస్తే వానాకాలంలో ఘాట్ మీద ఏ బండ్లను వదులుతున్నారో ముందే కనుక్కోండి, చీకటి పడ్డాక ఆ మలుపులు ఎక్కొద్దు. పాముల్ని చూపిస్తామని, ఫోటోలు తీయిస్తామని ఎవరైనా డబ్బులడిగితే ఇవ్వకండి. ప్లాస్టిక్ సీసాలు, చిప్స్ కవర్లు మీ బ్యాగులోనే వెనక్కి తెచ్చుకోండి.