సైటేషన్ల లెక్కతో దిగులు పడుతున్న శిష్యురాలికి

చిరంజీవికి ఆశీస్సులు.

ఉత్తరం అందింది. కొత్త పలాడియం సమ్మేళనం గురించి నాలుగు వాక్యాలు, హెచ్-ఇండెక్స్ గురించి, అంటే కనీసం అన్నేసి సైటేషన్లు (ఇతరులు ఉదహరించిన సందర్భాలు) వచ్చిన పేపర్లు ఎన్ని ఉన్నాయో చెప్పే సూచీ గురించి, రెండు పేజీలు రాశావు. నాకు ఆ నాలుగు వాక్యాలే నచ్చాయి. అయినా నువ్వు అడిగింది రెండోదాని గురించి కాబట్టి దానికే జవాబు రాస్తున్నాను.

బ్యాటరీల మీద పనిచేసే స్నేహితుడితో పోల్చుకోవడం ముందు మానెయ్యి. 2005లో ఆ సూచీని ప్రతిపాదించిన హిర్ష్ భౌతిక శాస్త్రవేత్త. జీవశాస్త్రాల్లో ఈ సంఖ్యలు భౌతిక శాస్త్రంలో కంటే పెద్దవిగా ఉంటాయని తన తొలి పేపర్‌లోనే చెప్పాడు. రంగంలో ఎంతమంది రాస్తుంటే అన్ని సైటేషన్లు పుడతాయి. గాలి తగిలితే నల్లబడిపోయే పదార్థాన్ని గ్లవ్ బాక్స్‌లో (గాలి చొరబడని పెట్టెలో) పెట్టుకుని స్ఫటికం కోసం వారాల తరబడి కాచుకునే మన లోహ-కర్బన రసాయన రంగంలో రాసేవాళ్లూ తక్కువ, రాసే వేగమూ తక్కువే. ఫ్రెంచి రసాయన శాస్త్రవేత్త షోవాన్ ఒలెఫిన్ మెటాథిసిస్ (ద్విబంధాల భాగాలు పరస్పరం మారే చర్య) యంత్రాంగాన్ని 1971లో ఫ్రెంచిలో ప్రచురించాడు. నోబెల్ వచ్చింది 2005లో. రెండేళ్ల సైటేషన్లు లెక్కేసే కమిటీ ఏదైనా ఆయన దరఖాస్తును ఎలా చూసేదో ఊహించుకో.

ఇక అసలు ప్రశ్న: చేసిన పనిని మూడు పేపర్లుగా విడగొట్టాలా? వద్దు. లైగాండ్ (లోహానికి అంటుకునే అణువు) తయారీ ఒకచోట, అది లోహంతో కలిసిన సంక్లిష్టం ఇంకొకచోట, ఉత్ప్రేరక చర్య మరోచోట పెడితే ప్రచురణల జాబితా పొడుగవుతుంది, అంతే. ఆ ఉత్ప్రేరకాన్ని వాడుకోవాలనుకున్నవాడు మూడూ వెతికి పట్టుకోవాలి. సాధారణంగా ఒకటి చూసి వదిలేస్తాడు.

మన రంగంలో ఒక పేపర్ ఎందుకు బతుకుతుందో ఇనుము, రెండు కార్బన్ వలయాలు ఉన్న ఫెర్రోసీన్‌ను చూస్తే తెలుస్తుంది. 1951లో కీలీ, పాసన్ దాన్ని ప్రకటించినప్పుడు నిర్మాణం తప్పుగా గీశారు. ఇనుము రెండు వలయాల్లోనూ ఒక్కొక్క కార్బన్‌కు మాత్రమే అంటుకున్నట్టు చూపించారు. కానీ తయారీ విధానం, నారింజ రంగు స్ఫటికాల ద్రవీభవన ఉష్ణోగ్రత, మూలక విశ్లేషణ అన్నీ సరిగ్గా ఉన్నాయి. అందుకే 1952లో విల్కిన్‌సన్, వుడ్‌వర్డ్ ఒకవైపు, ఫిషర్ ఇంకోవైపు ఆ పదార్థాన్నే పట్టుకుని ఇనుము రెండు వలయాల నడుమ ఇమిడి ఉందని తేల్చారు. ఫిషర్, విల్కిన్‌సన్‌లకు 1973లో నోబెల్ వచ్చింది. వ్యాఖ్యానం తప్పినా దత్తాంశం నిలబడింది, పేపరూ నిలబడింది.

అందుకని పేపర్‌తో పాటు ఇచ్చే అనుబంధ సమాచారం మీద మనసు పెట్టు. ద్రావణిని ఎలా ఆరబెట్టావు, పలాడియం లవణం ఏ గ్రేడు, ఏ రంగు వచ్చాక చర్యను ఆపావు, దిగుబడి తగ్గినప్పుడు ఎంత వచ్చింది, అన్నీ రాయి. అత్యుత్తమ దిగుబడిని మాత్రమే రాసేవాళ్లంటే నాకు ఒళ్లు మంట. ఇంకో ప్రయోగశాలలో ఒక విద్యార్థి నీ పేపర్‌ను బల్ల మీద పెట్టుకుని ఆ పదార్థం తయారు చేయగలిగితే సైటేషన్ అడక్కుండానే వస్తుంది. టోల్మన్ ఫాస్ఫీన్‌ల (భాస్వరం ఉన్న లైగాండ్ల) పరిమాణాన్ని శంకుకోణంతో, అంటే లోహం చుట్టూ అవి ఎంత చోటు ఆక్రమిస్తాయో చెప్పే కోణంతో, కొలిచి 1977లో రాసిన సమీక్షను ఇప్పటికీ తిరగేస్తున్నారంటే, లైగాండ్ ఎంచుకునే ప్రతివాడికీ ఆ కొలత అక్కరకు వస్తుంది కాబట్టే.

ఖాళీ ప్రయోగం, అంటే ఉత్ప్రేరకం వేయకుండా చేసేది, తప్పనిసరి. సాధారణంగా పలాడియం ఉత్ప్రేరకంతో రెండు కర్బన భాగాలను కలిపే సుజుకి చర్యకు లోహమే అక్కర్లేదంటూ 2003లో ఒక పేపర్ వచ్చింది. వాడిన సోడియం కార్బొనేట్‌లో శతకోటిలో 50 వంతుల పలాడియం ఉందని, చర్యకు అదే కారణం కావచ్చని 2005లో ఆ బృందమే బయటపెట్టింది. నాకు వాళ్ల మీద గౌరవం పెరిగింది.

పత్రిక ఇంపాక్ట్ ఫ్యాక్టర్, అంటే అందులోని ఇటీవలి పేపర్లకు సగటున వచ్చే సైటేషన్ల అంకె, చూసి మురిసిపోకు, కుంగిపోకు. స్ఫటిక నిర్మాణాలు తేల్చే షెల్‌ఎక్స్ ప్రోగ్రాముల చరిత్రను షెల్డ్రిక్ 2008లో రాశాడు. ఆ ప్రోగ్రాములు వాడిన వాళ్లందరూ దాన్ని ఉదహరించడంతో ఒక స్ఫటికశాస్త్ర పత్రిక అంకె 2.051 నుంచి 49.926కు ఎగబాకింది. అందులోని మిగతా రచయితల పని మునుపటి ఏడాది కంటే గొప్పదైపోయిందా?

నీ పాత పేపర్‌ను ఉదహరించడం అవసరమైతే తప్పు కాదు. లెక్క పెంచడానికైతే సమీక్షకులు ఇట్టే కనిపెడతారు. పేరు అన్నిచోట్లా ఒకేలా రాయి, పరిశోధకులను గుర్తించే ఆర్కిడ్ (ORCID) సంఖ్య తీసుకో. స్ఫటిక దత్తాంశాన్ని స్ఫటిక నిర్మాణాలను భద్రపరిచే కేంబ్రిడ్జ్ నిక్షేపంలో జమ చెయ్యి.

మూడింటినీ కలిపి ఒకే ముసాయిదా చేసి నెలాఖరులోగా పంపు. అనుబంధంలో అణువు నిర్మాణాన్ని తెలిపే ఎన్‌ఎంఆర్ పటాలు పూర్తిగా ఉండాలి, ద్రావణి శిఖరాలు కత్తిరించకు. గాలి తగిలితే ఆ సమ్మేళనం ఎంతసేపు నిలుస్తుందో నీ ఉత్తరంలో లేదు, అది కూడా చూసి రాయి.