ద్రావణి పేరు కూడా రాసుకో

చిరంజీవి అమ్మాయికి,

మహబూబ్‌నగర్ నుంచి నువ్వు పంపిన ఫోటోలు చూశాను. ఒకే సీసాలోని పాలీ బెంజైల్ గ్లూటమేట్ అనే పాలీపెప్టైడ్‌తో, అంటే అమైనో ఆమ్లాల గొలుసుతో చేసినా ఒక ఫిల్మ్ తేటగా సాగుతోందని, రెండోది తెల్లబారి పట్టుకుంటే చిరుగుతోందని రాశావు. పాలిమర్ పాడైందేమోనని నీ బెంగ. దాన్ని అనుమానించే ముందు అది ఏ ద్రావణిలో, అంటే ఏ కరిగించే ద్రవంలో కరిగింది, ఎంత సేపటికి ఆరింది అని చూడాలి. నీ నోట్‌బుక్ పేజీలో సరిగ్గా ఆ రెండే లేవు!

క్లోరోఫాంలోనూ, డైమిథైల్ ఫార్మమైడ్‌లోనూ ఈ గొలుసు ఆల్ఫా హెలిక్స్‌గానే, అంటే స్ప్రింగులా మెలితిరిగిన బిరుసు కడ్డీగానే ఉంటుంది. చుట్టుకు 3.6 అమైనో ఆమ్లాలు. అణుభారం లక్ష ఉంటే పొడవు 70 నానోమీటర్లకు కాస్త తక్కువ, మందం రెండు నానోమీటర్ల లోపు. అంటే కందికట్టెలే అనుకో. ఒద్దికగా పేర్చి మోపు కట్టవచ్చు, అడ్డదిడ్డంగా కుప్ప పోయనూవచ్చు. క్లోరోఫాం 61 డిగ్రీలకే మరుగుతుంది కాబట్టి తొందరగా ఎగిరిపోతుంది, పేర్చుకునే వ్యవధి ఇవ్వదు. పైగా అందులో హెలిక్స్‌లు ముందే ఒకదానికొకటి అతుక్కుంటాయి. 153 డిగ్రీలకు మరిగే డైమిథైల్ ఫార్మమైడ్ ఆ అతుకుల్ని విడదీస్తుంది, నెమ్మదిగా ఆరుతుంది. ద్రావణం చిక్కబడే కొద్దీ హెలిక్స్‌లు వరుస కడతాయి. ఇలాంటి ద్రావణాల్లో ద్రవస్ఫటికాలను, అంటే ద్రవంలా పారుతూనే అణువులు వరుసగా అమరే స్థితిని, కాన్మర్ రాబిన్సన్ అనే శాస్త్రవేత్త 1956లోనే వివరించాడు. డైక్లోరో ఎసిటిక్ ఆమ్లం దారి వేరు, అది హెలిక్స్‌నే విప్పేస్తుంది.

ఇక ఆ తెలుపు సంగతి. నువ్వు చేసింది ముసురు పట్టిన రోజున కదా? ద్రావణి గబగబా ఆవిరైతే పైభాగం చల్లబడి, గాలిలోని తేమ సన్నని బిందువులుగా దిగుతుంది. అవి ఆరాక గుంటలు మిగులుతాయి. సూక్ష్మదర్శిని కింద గుండ్రటి రంధ్రాలు కనిపిస్తే అది అణువుల అమరిక కాదు, వాన చేసిన పని. పాత్రపై గరాటు బోర్లించి ఆవిరిని నెమ్మది చెయ్యి, పొడి గాలిలో ఆరబెట్టు. మేజా మీద రసమట్టం పెట్టి చూడు. మట్టం తప్పితే ఫిల్మ్ ఒక పక్క మందంగా వస్తుంది, నీ బలం లెక్కలన్నీ వృథా.

అన్నిటికన్నా మోసం చేసేది మిగిలిపోయిన ద్రావణి. పైకి ఆరినట్టే ఉంటుంది. వాక్యూమ్‌లో పెట్టి, తూకం మారకుండా నిలిచే దాకా తూచు. లేకపోతే అది ఫిల్మ్‌ను మెత్తబరుస్తుంది, నువ్వేమో మెత్తదనం పాలిమర్‌దని రాస్తావు. ఇన్‌ఫ్రారెడ్ కాంతిని ఫిల్మ్ ఎక్కడెక్కడ పీల్చుకుందో చూసే పరీక్షలోనూ ఇదే చిక్కు. హెలిక్స్ అమైడ్ పట్టీ (అలా పీల్చుకున్న చోటి గుర్తు) 1650 cm⁻¹ దగ్గర, గొలుసులు పక్కపక్కన రేకులా అమరే బీటా షీట్ పట్టీ 1630 దగ్గర వస్తాయి. డైమిథైల్ ఫార్మమైడ్ సొంత పట్టీ 1670 ప్రాంతంలో వచ్చి పక్కనే కూర్చుంటుంది. పట్టీ పక్కన ఉబ్బిన ఆ భుజాన్ని చూసి కొత్త నిర్మాణం కనిపెట్టానని గైడ్ దగ్గరికి పరుగెత్తకు.

మన పోచంపల్లి మగ్గాలపై నేసే పట్టు కూడా పాలీపెప్టైడే, కాకపోతే పురుగు చేసింది. పట్టులోని ప్రోటీన్ అయిన ఫైబ్రోయిన్‌ను నీటి ద్రావణం నుంచి పొరగా గబగబా ఆరబెడితే మళ్లీ నీళ్లలో కరిగిపోతుంది. అదే పొరను మిథనాల్‌లో ముంచి తీస్తే గొలుసులు బీటా షీట్లుగా సర్దుకుంటాయి, ఇక నీటికి లొంగదు. రసాయన సూత్రం రెండు పొరలకూ ఒకటే. ఇది నీ ల్యాబ్‌లోనే చేసి చూడవచ్చు, ఖర్చు కూడా తక్కువ.

బలం కొలిచేటప్పుడు ఫిల్మ్ నుంచి పట్టీల్ని రెండు దిక్కుల్లోనూ కత్తిరించు. హెలిక్స్‌లు ఒకే వైపు తిరిగిన ఫిల్మ్ నిలువునా సులభంగా చీలుతుంది, పొడవునా లాగితే తట్టుకుంటుంది. గది ఉష్ణోగ్రతా రాయి. ఈ పాలిమర్ పక్క గొలుసులు మామూలు గది వేడి దగ్గరే కదలడం మొదలుపెడతాయి. మే నెల మధ్యాహ్నం మీ గదిలో కొలిచిందీ, ఏసీ గదిలో కొలిచిందీ ఒకే అంకె ఇవ్వవు.

క్లోరోఫాంను ప్లాస్టిక్ పెట్రీ డిష్‌లో పోయకు, పాలీస్టైరీన్ కరిగి ఫిల్మ్‌లో కలుస్తుంది. గాజు గానీ టెఫ్లాన్ గానీ వాడు. ఫ్యూమ్ హుడ్ పనిచెయ్యని రోజున ఏ ద్రావణి మూతా తియ్యకు. ఈసారి రాసేటప్పుడు సూక్ష్మదర్శిని ఫోటో కూడా పంపు.

ఆశీస్సులతో,
పెదనాన్న
నల్లగొండ