అమ్మాయిని చూడటానికి వెళ్తూ పది రోజుల్లో ఏడు దేశాలా?

ప్రశ్న: నాకు 56 ఏళ్లు, నా భార్యకు 53. అమ్మాయి జర్మనీలోని ఆఖెన్‌లో మాస్టర్స్ మొదటి ఏడాది చదువుతోంది. ప్రభుత్వ విశ్వవిద్యాలయం కాబట్టి ఫీజు భారం లేదు. ఆమె ఖర్చులకు ఏటా 12.50 లక్షల రూపాయలు నా ఖాతా నుంచి పంపుతున్నాను. రెండో ఏడాది డబ్బు వేరుగా ఉంది. వచ్చే సెప్టెంబరులో ఆమెను చూసి, యూరప్‌లో కొన్నాళ్లు తీరిగ్గా తిరగాలని మా కోరిక. ఒక ట్రావెల్స్ వారు పది రోజుల్లో ఏడు దేశాల ప్యాకేజీకి ఇద్దరికీ 7.40 లక్షలు చెప్పారు. ఆ పైన అమ్మాయి దగ్గర మూడు రోజులు ఉంటాం. 9 లక్షల ఫిక్స్‌డ్ డిపాజిట్ ఉంది, నెలకు 40 వేలు మిగులుతున్నాయి. తక్కువ పడితే పీఎఫ్ నుంచి తీయవచ్చా? నాలుగేళ్లలో పదవీ విరమణ.

జవాబు: పీఎఫ్ జోలికి వెళ్లకండి. ప్యాకేజీ కూడా వద్దంటాను. మీరు కోరుకున్నది తీరిగ్గా తిరగడం. ఏడు దేశాల ప్యాకేజీలో ఎక్కువగా చూసేది బస్సు కిటికీ. దాదాపు అదే డబ్బుతో నెల రోజులు ఉండి రావచ్చు.

లెక్క చూడండి. ఇద్దరి విమాన టికెట్లు సుమారు 1.60 లక్షలు, వీసా, బీమా కలిపి 35 వేలు అనుకుందాం. ఈ 1.95 లక్షలు మీరు పది రోజులున్నా నెల రోజులున్నా దాదాపు ఒకటే. పది రోజులకు పంచితే రోజుకు 19,500, ముప్పై రోజులకు పంచితే 6,500. ఆ తర్వాత ఖర్చు పెంచేది రోజులు కాదు, ఊరు మారడం. మారిన ప్రతిసారీ రైలు, మళ్లీ కొత్త బస, వంట కుదరక బయటి తిండి. ఒకే చోట రెండు వారాలు వంటగది ఉన్న ఇల్లు తీసుకుంటే రోజు అద్దె తగ్గుతుంది, తిండి ఖర్చు ఇంకా తగ్గుతుంది.

అందుకే మూడు మజిలీలు చాలు. ఆఖెన్‌లో 16 రాత్రులు, రైన్, మోజెల్ నదులు కలిసే కోబ్లెంజ్‌లో 7, పారిస్‌లో 6. అమ్మాయి హాస్టల్ గదిలో సర్దుకుందామని అనుకోకండి. అతిథులు ఎన్నాళ్లు ఉండవచ్చో అక్కడ నిబంధనలుంటాయి, పైగా ఆమె చదువు. దగ్గరలోనే చిన్న ఇల్లు అద్దెకు తీసుకోండి. పగలు ఆమె తరగతులో పరీక్షలో చూసుకుంటుంది, మీరు కొలోన్ వెళ్లి సాయంత్రానికి తిరిగి రావచ్చు. ఇద్దరికీ ఊపిరి ఆడుతుంది.

జర్మనీలో రైళ్లకు డోయిచ్‌లాండ్ టికెట్ అని ఒకటుంది. 2026 జనవరి నుంచి మనిషికి నెలకు 63 యూరోలు. ప్రాంతీయ రైళ్లు, సిటీ బస్సులు, మెట్రోలు అన్నీ ఎక్కవచ్చు. ఐసీఈ వంటి వేగపు రైళ్లకు చెల్లదు. ఆఖెన్ నుంచి కొలోన్, కోబ్లెంజ్ నుంచి మోజెల్ ఒడ్డున ట్రియర్, రైన్ లోయ వెంట బింగెన్ దాకా, అన్నీ దీనితోనే అయిపోతాయి. తొందర లేని వాళ్లకు సరిగ్గా సరిపోయే టికెట్. అయితే ఇది క్యాలెండర్ నెల ప్రకారం నడుస్తుంది. మీరు ఆగస్టు 20న దిగితే రెండు నెలలకు కట్టాలి. సెప్టెంబరు 1న దిగి 30న బయలుదేరితే ఒక్క నెలతో సరి. ఇది చందా పద్ధతి కాబట్టి, ఆ నెల 10వ తేదీలోగా రద్దు చేయకపోతే అక్టోబరుకూ డబ్బు పోతుంది. ఫోనులో రద్దు చేసే పని అమ్మాయికి ముందే అప్పగించండి.

పారిస్‌కు విమానం అక్కర్లేదు, కొలోన్ నుంచి నేరుగా యూరోస్టార్ ఉంది. ముందే కొంటే చవక, ప్రయాణం దగ్గరపడే కొద్దీ ధర పెరుగుతుంది. వెళ్లేటప్పుడు జర్మనీలో దిగి, వచ్చేటప్పుడు పారిస్‌లో విమానం ఎక్కేలా టికెట్లు చూడండి. వెనక్కి వెళ్లే రైలు ఖర్చు, ఒక రోజు మిగులుతాయి.

యూరోకు 105 రూపాయలు అనుకుని నా అంచనా చెబుతాను. బసకు ఆఖెన్‌లో రాత్రికి 65, కోబ్లెంజ్‌లో 85, పారిస్‌లో 130 యూరోల చొప్పున మొత్తం 2,415 యూరోలు, అంటే 2.54 లక్షలు. తిండి, ప్రవేశ టికెట్లు, చిల్లర ఖర్చులకు రోజుకు 45 యూరోలు, నెలకు 1.42 లక్షలు. రైళ్లన్నీ కలిపి 30 వేలు. పారిస్‌లో అమ్మాయి కూడా కొన్ని రోజులు మీతో ఉంటుంది కదా, ఆమె ఖర్చు 42 వేలు. చాలామంది పిల్లల ఖర్చును లెక్కలో వేయరు. చివరికి అది పాపం ఆ విద్యార్థి నెలవారీ డబ్బులోంచే పోతుంది. వీటికి ముందు చెప్పిన 1.95 లక్షలు కలిపితే 6.63 లక్షలు. అనుకోని వాటికి పదో వంతు కలిపి 7.30 లక్షలు అనుకోండి.

9 లక్షల్లో ఇంకా 1.70 లక్షలు మిగులుతాయి. కానీ అది మిగులు కాదు. జర్మనీలో మాస్టర్స్ రెండేళ్ల కోర్సే అయినా, థీసిస్ దగ్గర ఒక సెమిస్టర్ అదనంగా పట్టడం మామూలే. మీ ఉత్తరంలో ఈ ప్రస్తావనే లేదు. 2024 సెప్టెంబరు నుంచి విద్యార్థి వీసాకు చూపాల్సిన మొత్తం నెలకు 992 యూరోలు. ఆ లెక్కన ఆరు నెలలకు సుమారు 6.25 లక్షలు సిద్ధంగా ఉండాలి. ఇప్పటి నుంచి సెప్టెంబరుకు పదకొండు నెలలు ఉంది. మీ 40 వేలను తప్పకుండా రికరింగ్ డిపాజిట్‌లో వేస్తే 4.40 లక్షలు, పై 1.70తో కలిపి 6.10 లక్షలు. మిగతా కొద్ది మొత్తం వడ్డీతో తీరుతుంది. అక్కడి విద్యార్థులు ఏడాదికి 140 పూర్తి రోజులు పని చేయవచ్చు, ఆ ఆదాయం కొంత ఊరట. ఈ ఏడాదిలో ఆ 40 వేలు వేరే దారి పడితే మాత్రం నా సలహా మారుతుంది. అప్పుడు పారిస్‌ను వదులుకోండి. ఏడాదిలో వాడుకోవాల్సిన ఈ డబ్బును షేర్లలో పెట్టే ఆలోచన ఉంటే మానుకోండి.

ఇక పన్ను సంగతి. విదేశాలకు పంపే డబ్బు ఒక ఆర్థిక సంవత్సరంలో 10 లక్షలు దాటితే, దాటిన మొత్తంపై బ్యాంకు టీసీఎస్ (డబ్బు పంపేటప్పుడే ముందుగా పట్టుకునే పన్ను) వసూలు చేస్తుంది. మీరు అమ్మాయికి పంపేదే 12.50 లక్షలు కాబట్టి మీ పేరిట పరిమితి దాటిపోతోంది. ఫారెక్స్ కార్డులో (విదేశీ కరెన్సీ ముందే నింపుకునే కార్డు) వేసుకునే డబ్బూ ఇదే లెక్కలోకి వస్తుంది. అందుకే ప్రయాణపు యూరోలను మీ శ్రీమతి ఖాతా నుంచి, ఆమె పాన్‌తో కొనండి. ఆమెకు విడిగా 10 లక్షల పరిమితి ఉంటుంది, మీరు ఆమెకిచ్చే డబ్బుపై బహుమతి పన్ను లేదు. విదేశీ ప్యాకేజీకైతే ఈ మినహాయింపు వర్తించదు, మొదటి రూపాయి నుంచే టీసీఎస్ పడుతుంది. విడిగా విమాన టికెట్టు మాత్రమే కొంటే పడదు. టీసీఎస్ అదనపు పన్నేమీ కాదు, రిటర్నులో సర్దుబాటు అవుతుంది. కానీ ప్రయాణానికి ముందు చేతిలో ఉండాల్సిన డబ్బు నెలల తరబడి ఇరుక్కుపోతుంది.

యూరోలు ఒకేసారి కొనవద్దు. వీసా వచ్చాక మూడు విడతలుగా ఫారెక్స్ కార్డులో వేయండి. రేటు ఎటు పోతుందో ఊహించే పని మీకూ నాకూ వద్దు. మామూలు క్రెడిట్ కార్డు విదేశంలో గీస్తే చాలా బ్యాంకులు 2 నుంచి 3.5 శాతం దాకా రుసుము, దానిపై 18 శాతం జీఎస్టీ వేస్తాయి, దాన్ని అత్యవసరానికే ఉంచుకోండి. దుకాణంలో మిషన్ ‘రూపాయల్లో కడతారా, యూరోల్లోనా’ అని అడిగితే ఎప్పుడూ యూరోలే నొక్కండి. రూపాయలు నొక్కితే రేటు వాళ్లు వేసుకున్నదే.

వీసాకు ఆరు నెలల ముందు నుంచి దరఖాస్తు చేయవచ్చు, ఏప్రిల్‌లో పెట్టండి. జర్మనీకి, పారిస్‌కు ఒకే షెంగెన్ వీసా చాలు; ఎక్కువ రాత్రులు జర్మనీలోనే కాబట్టి అది జర్మనీ నుంచే తీసుకోవాలి. రుసుము మనిషికి 90 యూరోలు, తిరస్కరిస్తే వెనక్కి రాదు. అందుకే వీసా చేతికి వచ్చేదాకా రద్దు చేసుకునే వీలున్న బుకింగులే చేయండి. దరఖాస్తుకు ముందు ఖాతాలో హఠాత్తుగా పెద్ద మొత్తం జమ చేస్తే అనుమానం వస్తుంది. డిపాజిట్ రసీదులు, జీతం వివరాలు, అమ్మాయి ఆహ్వాన పత్రం, ఆమె విశ్వవిద్యాలయ నమోదు పత్రం చాలావరకు సరిపోతాయి.

బీమాలో మాత్రం పొదుపు చూడకండి. వీసాకు కనీసం 30,000 యూరోల వైద్య బీమా చాలు, కానీ మీ వయసులో 1 లక్ష యూరోలు తీసుకోండి. బీపీ, షుగర్ ఉంటే దాచకుండా రాయండి. ముందే ఉన్న జబ్బుకు అత్యవసరంలో ఎంతవరకు ఇస్తారో పాలసీలో వెతికి చదవండి, ఏజెంటు మాట మీద నమ్మవద్దు.

విమాన టికెట్లు వెతికే ముందు అమ్మాయిని పరీక్షల తేదీలు అడగండి. అక్కడ తరగతులు జులైలో ముగిసినా పరీక్షలు కొన్ని సెప్టెంబరు దాకా సాగవచ్చు. అన్నట్టు, ఏడాదిలో విదేశీ ప్రయాణానికి 2 లక్షలు దాటి ఖర్చు చేసిన వారు, పన్ను వర్తించే ఆదాయం లేకపోయినా రిటర్ను దాఖలు చేయాలి. యూరోలు మీ శ్రీమతి పేరుతో కొంటారు కాబట్టి ఆ ఏడాది ఆమె రిటర్నూ మీ ఆడిటర్‌కు గుర్తు చేయండి.