టెక్ సందేహాలు: సైకిల్ లైటు వెలుగు రోడ్డు మీద పడాలి

వానాకాలం వచ్చింది, మబ్బు పట్టి సాయంత్రాలు తొందరగా చీకటి పడుతున్నాయి. అందుకేనేమో ఈసారి వచ్చిన ప్రశ్నల్లో సైకిల్ లైట్ల గురించినవే ఎక్కువ.

ప్రశ్న: మియాపూర్‌లో ఇల్లు, గచ్చిబౌలిలో ఆఫీసు. సైకిల్ మీదే వెళ్లి రాత్రి తొమ్మిది దాటాక తిరిగొస్తాను. ఆదివారాలు తెల్లవారకముందే స్నేహితులతో శంకర్‌పల్లి వైపు వెళ్తాం. మార్కెట్లో 400 ల్యూమెన్ల నుంచి 2,000 దాకా లైట్లున్నాయి. రెండు పనులకూ ఒకే లైటు సరిపోతుందా?

సరిపోతుంది. కానీ ల్యూమెన్ల అంకె ఒక్కటే చూసి కొనకండి. లైటు నుంచి వెలువడే మొత్తం కాంతిని ల్యూమెన్లలో చెబుతారు. అందులో ఎంత రోడ్డు మీద పడుతోంది, ఎంత చెట్ల కొమ్మల మీదికీ ఎదుటివారి కళ్లలోకీ పోతోంది అన్నది ఆ అంకె చెప్పదు. ఒక చోట పడే వెలుగును కొలిచేది లక్స్. దూరం రెట్టింపైతే అది నాలుగో వంతుకు పడిపోతుంది. కాబట్టి పెట్టె మీద లక్స్ రాసి ఉంటే, ఎంత దూరంలో కొలిచారో కూడా రాసి ఉండాలి. లేకపోతే ఆ అంకెకు అర్థం లేదు.

మార్కెట్లో దొరికే చాలా లైట్లు టార్చిలైటులాగా గుండ్రంగా వెలుగు చిమ్ముతాయి. రెండో రకం లైట్ల బీమ్ పైభాగం గీత గీసి కత్తిరించినట్టు ఆగిపోతుంది. బైకు, కారు డిమ్ లైట్లు పనిచేసే పద్ధతే ఇది. జర్మనీలో సైకిల్ ముందు లైటు ఇలాగే ఉండాలని చట్టం ఉంది. ఎస్‌టీవీజెడ్ఓ అనే ఆ నిబంధన ప్రకారం 10 మీటర్ల దూరంలో రోడ్డు వైపు కనీసం 10 లక్స్ పడాలి, ఎదుటివారి కంటి ఎత్తుకు వెళ్లే వెలుగు మాత్రం 2 లక్స్ దాటకూడదు. అక్కడ ముందు లైటు మిణుకుమనడానికీ వీల్లేదు. మన దగ్గర ఈ నియమం లేకపోయినా, ఆ ముద్ర ఉన్న లైటు దొరికితే వదలకండి. 400 ల్యూమెన్లే అయినా, వాటిని రోడ్డు మీదే పరిచే లైటు 1,000 ల్యూమెన్ల గుండ్రటి లైటు కన్నా శంకర్‌పల్లి రోడ్డులో మీకు ఎక్కువ ఉపయోగపడుతుంది.

నేను దీన్ని ఇంతగా పట్టుబట్టడానికి కారణం ఉంది. హైబీమ్ వేసుకుని వచ్చే వాహనం ఎదురైతే రెండు క్షణాలపాటు ఏమీ కనిపించని స్థితి రాత్రి రోడ్డెక్కే అందరికీ తెలుసు. మన సైకిల్ లైటు వల్ల అదే స్థితి ఎదుటి బైకు మీది మనిషికి వస్తే, అతను అదుపు తప్పి వచ్చేది మన మీదికే. ఔటర్ రింగ్ రోడ్డు పక్కన 2023లో తెరిచిన 23 కిలోమీటర్ల సోలార్ సైకిల్ ట్రాక్ మీద కూడా సైకిళ్లు ఎదురెదురుగా వస్తుంటాయి. అక్కడ పూర్తి వెలుగుతో లైటు వేసుకుని వెళ్లడం తోటివారికి చేసే అన్యాయం.

ఇక ఎంత వెలుగు కావాలన్నది మీ వేగం తేలుస్తుంది. గంటకు 20 కిలోమీటర్ల వేగంలో వెళ్తూ గుంత చూసి, బ్రేకు వేసి ఆగడానికి సుమారు 12 మీటర్లు పడుతుంది. 30లో వెళ్తుంటే దాదాపు 21 మీటర్లు. వాలులో 40 అందుకుంటే 30 మీటర్లు దాటుతుంది. ఇందులో మెదడు స్పందించడానికి పట్టే ఒకటిన్నర సెకను కూడా కలిసే ఉంది. తడి రోడ్డయితే దూరం ఇంకా పెరుగుతుంది. వెలుగు అంత దూరం చేరకపోతే, మీకు గుంత కనిపించేది అందులో పడ్డాకే. వీధి దీపాలున్న మియాపూర్, గచ్చిబౌలి దారికి 200 నుంచి 400 ల్యూమెన్లు చాలు. అక్కడ మీకు రోడ్డు ఎలాగూ కనిపిస్తుంది. పక్క గల్లీలోంచి దూసుకొచ్చే ఆటోకు, రాంగ్‌సైడ్ బైకుకు మీరు కనిపించడమే ముఖ్యం. చీకటి రోడ్డుకు 600 నుంచి 800 ఉండాలి. కాబట్టి 800 ల్యూమెన్ల లైటు కొని, ఊళ్లో తగ్గించి, ఊరు దాటాక పెంచుకోండి. ఒక విషయం తప్పక చూడండి. పెట్టె మీద రాసిన గంటలు ఏ మోడ్‌కు సంబంధించినవి? ‘20 గంటలు’ అని పెద్దక్షరాల్లో ఉంటే, అది చాలావరకు మిణుకుమనే మోడ్‌కే.

ఆ మోడ్ పగటిపూటకు మంచిది. రాత్రి మాత్రం స్థిరంగా వెలిగించండి. మిణుకుమనే లైటు ఎంత దూరంలో ఉందో, ఎంత వేగంతో వస్తోందో ఎదుటివారికి అంచనా అందదు.

బిగించే తీరు కూడా కొనడమంత ముఖ్యం. సైకిల్‌ను గోడకు ఐదు మీటర్ల దూరంలో, గోడ వైపు తిప్పి నిలబెట్టండి. లైటు నేలకు ఒక మీటరు ఎత్తులో ఉందనుకుంటే, గుండ్రటి బీమ్‌లో బాగా వెలిగే మధ్యభాగం గోడ మీద లైటు ఎత్తుకు 25 సెంటీమీటర్లు కిందుగా పడాలి. అప్పుడు రోడ్డు మీద ఆ వెలుగు సరిగ్గా 20 మీటర్ల ముందు వాలుతుంది. కత్తిరింపు బీమ్ అయితే పైగీత 10 సెంటీమీటర్లయినా కిందికి ఉండాలి. ఇలాంటి లైటును హ్యాండిల్‌కు కింద తలకిందులుగా వేలాడదీయకూడదు, బీమ్ కూడా తిరగబడి వెలుగంతా ఎదుటివారి కళ్లలోకి పోతుంది. అలా బిగించుకోవాలంటే అందుకోసమే చేసిన మోడల్ తీసుకోవాలి. రబ్బరు పట్టీతో బిగించేవి మన గతుకుల రోడ్ల మీద మెల్లగా ముందుకు వాలిపోతుంటాయి. స్క్రూతో బిగించే క్లాంపు నయం.

వాన సంగతి: లైటు నీటిని ఎంత తట్టుకుంటుందో ఐపీఎక్స్ రేటింగ్ చెబుతుంది. ఐపీఎక్స్4 అంటే అన్ని వైపుల నుంచి పడే చినుకులను తట్టుకుంటుంది. నిత్యం వానలో తొక్కేవారికి ఐపీఎక్స్6 నిశ్చింత. ఛార్జింగ్ రంధ్రం మీది రబ్బరు మూత సరిగ్గా మూయకపోతే ఏ రేటింగూ కాపాడదు. తడిసిన తారు మీద పడిన వెలుగు అద్దం మీద పడినట్టు ముందుకే జారిపోతుంది, మన కంటికి తిరిగి రాదు. లైటు పాడైందని కంగారు పడకుండా వేగం తగ్గించండి.

ప్రశ్న: విశాఖలో ఉంటాను. 300 కిలోమీటర్ల బీఆర్‌ఎమ్‌కు (గడువులోగా పూర్తి చేయాల్సిన దూరపు సైకిల్ సవారీకి) సిద్ధమవుతున్నాను. నా లైటు పూర్తి వెలుగులో గంటన్నరే వస్తుంది. ఇంకా పెద్దది కొనాలా?

పెద్దది అక్కర్లేదు, ఎక్కువసేపు వెలిగేది కావాలి. 300 కిలోమీటర్లకు మీకిచ్చే గడువు 20 గంటలు. అందులో చీకటి గంటలు చాలానే ఉంటాయి. 300 ల్యూమెన్లలో మీ లైటు ఎన్ని గంటలు నిలుస్తుందో ముందే ఇంట్లో వెలిగించి చూసుకోండి. ఫ్యాను గాలి తగిలేలా పెట్టండి, లేకపోతే వేడెక్కి తనంతట తానే వెలుగు తగ్గించుకుంటుంది. పవర్‌బ్యాంకు తగిలించినప్పుడు కూడా వెలిగే లైట్లు కొన్ని ఉన్నాయి, కొన్ని ఛార్జింగ్ పెట్టగానే ఆరిపోతాయి. మీది ఏ రకమో ఇప్పుడే తేల్చుకోండి. దాంతోపాటు ఒక చిన్న లైటు అదనంగా ఉండాలి. హెల్మెట్‌కు చిన్న లైటు పెట్టుకుంటే పంక్చర్ వేసుకోవడానికి, మ్యాపు చూసుకోవడానికి బాగుంటుంది. కానీ గుంతలు చూడటానికి దాని మీదే ఆధారపడకండి. కంటి దగ్గరి నుంచి పడే వెలుగులో నీడలు కనిపించవు, నీడ లేని గుంత చదునుగా అనిపిస్తుంది. హ్యాండిల్ మీది లైటు కిందుగా ఉంటుంది కాబట్టి గుంత అంచు నీడ పొడుగ్గా పడి ముందే తెలుస్తుంది.

ఇలాంటి దూరాలు తరచూ తొక్కాలన్న ఆలోచన ఉంటే హబ్ డైనమో గురించి చదవండి. లైటు లేని సైకిల్‌ను పోలీసులు ఆపే రోజుల్లో మన పెద్దలు టైరుకు ఆనించి తిప్పిన సీసా డైనమో తొక్కుడును బరువెక్కించేది, సైకిల్ ఆగితే ఆరిపోయేది. ఇప్పటిది ముందు చక్రం ఇరుసులోనే ఉంటుంది. ఇచ్చేది 6 వోల్టులు, 3 వాట్లే. అయినా నేటి ఎల్‌ఈడీకి అది చాలు. సైకిల్ ఆగాక కూడా లైటు కొన్ని నిమిషాలు వెలుగుతూనే ఉంటుంది. ఖర్చు ఎక్కువే, కానీ ఛార్జింగ్ చింత ఉండదు.

ప్రశ్న: ‘10,000 ల్యూమెన్లు, ఆరు గంటలు’ అని చూసి ఆన్‌లైన్‌లో ఒక లైటు కొన్నాను. లోపల ఒకే బ్యాటరీ ఉంది. ఇది నిజమేనా?

కాదు. లోపలున్నది 18650 సైజు లిథియం సెల్ అయి ఉంటుంది. 2,600 ఎంఏహెచ్ సెల్‌లో ఉండే శక్తి 9 వాట్ అవర్లకు కాస్త ఎక్కువ, అంటే 9 వాట్ల లైటును గంటసేపు వెలిగించగలదు. మంచి సైకిల్ లైటు ఒక వాటుకు సుమారు 100 ల్యూమెన్లు ఇస్తుందనుకుంటే, 10,000 ల్యూమెన్లకు 100 వాట్లు కావాలి. ఆ సెల్ ఆరు నిమిషాలు కూడా రాదు. అంత వేడిని పిడికెడు లైటు భరించనూ లేదు. అదే సెల్‌తో 300 ల్యూమెన్లు మూడు గంటలు వస్తాయి, అది నమ్మదగిన మాట. ఏ లైటు ప్రకటననైనా మీరే ఇలా లెక్క కట్టుకోవచ్చు. సెల్ మీద 9,900 ఎంఏహెచ్ అని రాసి ఉంటే అదీ అబద్ధమే. ఆ సైజులో బాగా అమ్ముడయ్యే మేలు రకాలు 3,500 దగ్గరే ఆగుతాయి. వెనక్కి పంపే గడువుంటే పంపేయండి. ఇలాంటి సెల్‌ను రాత్రంతా ఛార్జింగ్‌లో వదిలేయడం ఇంటికే ప్రమాదం.

ప్రశ్న: తొమ్మిదో తరగతి చదివే మా అబ్బాయి ట్యూషన్ నుంచి చీకటి పడ్డాక సైకిల్ మీద వస్తాడు. ఐదారు వందల్లో ఏం కొనమంటారు?

అమ్మా, ఆ డబ్బంతా ముందు లైటుకే పెట్టకండి. చిన్న తెల్ల లైటు ఒకటి ముందు, ఎర్ర లైటు ఒకటి వెనుక ఉండే జత తీసుకోండి. లారీ అతన్ని దాటేది వెనుక నుంచే. మిగిలిన డబ్బుతో రిఫ్లెక్టివ్ టేపు కొని మడ్‌గార్డు వెనుక, పెడళ్ల మీద, స్కూలు బ్యాగు మీద అంటించండి. కదిలే పెడళ్ల మీది మెరుపు దూరం నుంచే సైకిల్ అని చెప్పేస్తుంది. వెనుక లైటు బ్యాగు చాటున పడకుండా చూడండి.

ప్రశ్న: కొత్త లైటుకు టైప్-సి ఉంది. కానీ ఫోన్ ఛార్జర్ టైప్-సి కేబుల్ పెడితే ఛార్జింగ్ ఎక్కడం లేదు. పాడైందా?

పాడవలేదు. రెండు వైపులా టైప్-సి ఉన్న కేబుల్‌లో, అవతల ఒక పరికరం ఉందని తెలిస్తేనే ఛార్జర్ కరెంటు వదులుతుంది. ఆ సంగతి చెప్పడానికి పరికరంలో 5.1 కిలో ఓమ్‌ల రెసిస్టర్లు రెండు ఉండాలి. కొందరు తయారీదారులు పైసల ఖర్చు మిగుల్చుకోవడానికి వాటిని పెట్టరు. ఒకవైపు పాత పెద్ద యూఎస్‌బీ, మరోవైపు టైప్-సి ఉన్న కేబుల్‌తో, మామూలు 5 వోల్టుల ఛార్జర్‌కు పెట్టి చూడండి, ఎక్కుతుంది. ఆ కేబుల్‌నే సైకిల్ సంచిలో ఉంచుకోండి. దారిలో పవర్‌బ్యాంకుకు తగిలించాల్సి వచ్చినా అదే పనికొస్తుంది.