విశాఖలో ఇల్లు: అడగండి, చెబుతాం

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో విశాఖపట్నం గురించినవే ఎక్కువ. హైదరాబాద్ ఇల్లు అద్దెకిచ్చి అక్కడికి వెళ్లిపోదామనేవాళ్లు కొందరు, సెలవులకని ఒక ఫ్లాట్ ఉంచుకుందామనేవాళ్లు కొందరు. దాదాపు అందరూ ముందు అడిగింది సముద్రం కనిపిస్తుందా అని. నేల ఎవరిది, గాలి ఎటునుంచి కొడుతుంది, వాననీరు ఎటు పోతుంది అన్నవి దానికంటే ముందు అడగాల్సినవి. జవాబుల్లో వాటికే ఎక్కువ చోటిచ్చాం.

ప్రశ్న: నాన్నగారు ఈ ఏడాది రిటైరవుతున్నారు. కూకట్‌పల్లి ఇల్లు అద్దెకిచ్చి విశాఖలో స్థిరపడాలని ఆయన కోరిక. బీచ్‌కి నడిచి వెళ్లేంత దగ్గరలో ఉండాలట. అమ్మకి మోకాళ్ల నొప్పులు. ఏ పేట అయితే బాగుంటుంది?

ముందు అమ్మగారి మోకాళ్ల సంగతి చూడండి. విశాఖలో చదును నేల తక్కువ. ఉత్తరాన కైలాసగిరి, పడమర సింహాచలం కొండలు, దక్షిణాన యారాడ కొండ, వీటి మధ్య ఎత్తుపల్లాల మీద ఊరు పెరిగింది. పాండురంగాపురం, సిరిపురం వైపు ఇళ్లు మ్యాపులో చూస్తే బీచ్‌కి కూతవేటు దూరమే. దిగడం హాయిగా ఉంటుంది, మళ్లీ ఎక్కాలంటేనే ఆటో కావాలి. ఇల్లు చూడ్డానికి వెళ్లినప్పుడు కారు బీచ్ దగ్గరే ఆపి, అమ్మగారితో కలిసి ఇంటిదాకా నడవండి. బ్రోకర్ చెప్పే దూరం కంటే ఆ నడక నిజం చెబుతుంది.

మీ అవసరాలకి ఎం.వి.పి. కాలనీని మొదట చూడమంటాం. వుడా (విశాఖ పట్టణాభివృద్ధి సంస్థ) వేసిన పాత లేఅవుట్ అది. రోడ్లు వెడల్పుగా ఉంటాయి, చదును ఎక్కువ, రైతు బజారు లోపలే ఉంది. చినగదిలి దగ్గర ఆసుపత్రులన్నీ ఒకచోట చేరిన హెల్త్ సిటీ కూడా దూరం కాదు. ఎం.వి.పి. కాలనీని ఆనుకుని సముద్రం వైపు లాసన్స్ బే కాలనీ, ఇంకా కిందికి పెద జాలారిపేట. అక్కడి జాలర్లు ఒడ్డుకు తెచ్చిన చేపలు పొద్దున్నే దొరుకుతాయి. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు మరపడవల వేట నిషేధం కాబట్టి ఆ రెండు నెలలు ధర ఎక్కువే ఉంటుంది. చేపల వాసన పడదనుకునేవాళ్లు ఆ పక్క ఇల్లు తీసుకుని తర్వాత జాలారిపేట మీద ఫిర్యాదు చేయడం న్యాయం కాదు. ఈ కాలనీలేవీ లేని రోజుల నుంచే వాళ్లు అక్కడున్నారు.

బీచ్ తప్పనిసరి కాకపోతే సీతమ్మధార, మురళీనగర్, మాధవధార కూడా చూడండి. ఉప్పుగాలి బాధ తగ్గుతుంది. అయితే కొండవాలుకు ఆనుకున్న వీధుల్లో వానాకాలం రాళ్లు, మట్టి జారే చోట్లుంటాయి. ఇంటి వెనక కొండను తవ్వి నిలువుగా కోసి ఉంటే, ఆ కోతకి రక్షణ గోడ, గోడలోంచి నీళ్లు బయటికొచ్చే రంధ్రాలు ఉన్నాయా చూడండి. రంధ్రాల్లేని గోడ వెనక నీరు నిలిచి, ఆ బరువుకి గోడే ముందుకు పడుతుంది.

మిగతా ఊరు ఉద్యోగాలను బట్టి ఏర్పడింది. వన్‌టౌన్ పాత వ్యాపారులది, ఓడరేవుది. కంచరపాలెం, మర్రిపాలెం వైపు రైల్వే కుటుంబాలు ఎక్కువ. మల్కాపురం, శ్రీహరిపురం రిఫైనరీ, షిప్‌యార్డు, నేవీ ఉద్యోగులవి. గాజువాక, కూర్మన్నపాలెం స్టీల్ ప్లాంటు వాళ్లవి. మధురవాడ, పీఎం పాలెం, ఎండాడ కొత్త అపార్టుమెంట్లు, విద్యార్థులు, ఐటీ ఉద్యోగులతో నిండుతున్నాయి. రిటైరైన వాళ్లకి గాజువాక వైపు ఇల్లు చవగ్గా దొరకొచ్చు గానీ పరిశ్రమలు చుట్టూ ఉన్న చోటని గుర్తుంచుకోండి. ఓడరేవుకు దగ్గరగా ఉన్న వన్‌టౌన్, జ్ఞానాపురం ఇళ్లలో బొగ్గు ధూళి కిటికీ అంచుల మీద పేరుకుంటుంది. ఉబ్బసం ఉన్నవాళ్లకి ఆ చోట్లు వద్దు.

కొనకండి, ముందు అద్దెకుండండి. ఆ అద్దె కాలంలో మే నెల ఒకటి, అక్టోబరు-నవంబరు ఒకటి తప్పక ఉండాలి. మేలో ఎండ హైదరాబాద్‌కన్నా తక్కువే, కానీ చెమట ఆరదు. తుపాన్ల కాలం అక్టోబరు, నవంబరు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తీరం దాటినప్పుడు రోజుల తరబడి కరెంటు లేదు, అపార్టుమెంట్లలో మోటారు ఆడక పై అంతస్తులకి నీళ్లెక్కలేదు. మీరు చూస్తున్న అపార్టుమెంటులో జనరేటరు లిఫ్టుకేనా, నీళ్ల మోటారుకి కూడానా అని అడగండి. ఎక్కువ చోట్ల లిఫ్టుకే అని తేలుతుంది.

ప్రశ్న: బీచ్ రోడ్డుకు దగ్గర్లో 18 ఏళ్ల పాత ఫ్లాట్ ధర తగ్గించి ఇస్తామంటున్నారు. లోపల కొత్త రంగులు వేశారు, చూడ్డానికి బాగుంది. ఏం చూసుకోవాలి? (మణికొండ పాఠకుడు)

రంగు కొత్తదైతే లోపలి గదులు వదిలేసి, రంగు వేయని చోట్లు చూడండి. స్టిల్ట్ పార్కింగులో స్తంభాల అడుగుభాగం, బాల్కనీ స్లాబు కింది వైపు, సన్‌షేడ్ అంచులు, లిఫ్ట్ గది పైకప్పు, ఓవర్‌హెడ్ ట్యాంకు అడుగు. ఇనుము తుప్పు పట్టడం మొదలైతే కమ్మీ వెంట సన్నటి నిలువు పగులు, దాని పక్కన గోధుమరంగు చార కనిపిస్తాయి. చిన్న సుత్తితో మెల్లగా కొట్టి చూడండి. గట్టి కాంక్రీటు ఖంగుమంటుంది, ఊడిపోయిన కాంక్రీటు డొల్లగా పలుకుతుంది.

ఇలా ఎందుకవుతుందంటే, సముద్రపు గాలిలోని ఉప్పు తుంపర కాంక్రీటులోకి మెల్లగా ఇంకి కమ్మీదాకా చేరుతుంది. తుప్పు అసలు ఇనుముకన్నా ఎన్నో రెట్లు చోటు ఆక్రమిస్తుంది కాబట్టి పైనున్న కాంక్రీటును నెట్టేసి పెచ్చులుగా ఊడగొడుతుంది. కమ్మీ మీద కాంక్రీటు మందం, అంటే కవరు, ఎంత ఉందన్నదే ఆయుష్షు. కాంక్రీటు కట్టడాల భారత ప్రమాణం ఐఎస్ 456 ప్రకారం తీరప్రాంతపు గాలికి నేరుగా గురయ్యే కాంక్రీటుకి కనీసం ఎం30 గ్రేడు (కాంక్రీటు బలాన్ని తెలిపే అంకె), 45 మిల్లీమీటర్ల కవరు ఉండాలి. అలల తుంపర తగిలే చోట ఎం35, 50 మిల్లీమీటర్లు. హైదరాబాద్ మేస్త్రీ అలవాటుగా వేసే 20, 25 మిల్లీమీటర్ల కవరు బీచ్ పక్కన పనికిరాదు. ఇంకో కారణం నీళ్లు. తీరం దగ్గర బోర్లలో ఉప్పునీరు పడుతుంది. ఆ నీళ్లతో కాంక్రీటు కలిపినా, క్యూరింగ్ చేసినా తుప్పును లోపలే పోసి కట్టినట్టు. ఇనుము వాడే కాంక్రీటుకు కలిపే నీటిలో క్లోరైడు లీటరుకి 500 మిల్లీగ్రాములు మించకూడదు.

మీరొక స్ట్రక్చరల్ ఇంజనీరును తీసుకెళ్లి కవర్ మీటరుతో కొలిపించండి, లోపలి కమ్మీకి తుప్పు పడుతోందేమో చెప్పే హాఫ్-సెల్ పరీక్ష కూడా చేయించండి. కొనే ధరతో పోలిస్తే ఆ ఫీజు ఏపాటిది! అక్కడక్కడా పెచ్చులూడితే బాగు చేసుకోవచ్చు, పద్ధతిగా చేస్తేనే సుమా. కమ్మీ వెనక్కి వేలు దూరేంతవరకు కాంక్రీటు చెక్కాలి, తుప్పంతా రుద్ది మెరిసే ఇనుము కనబడాలి, బాగా సన్నబడిన కమ్మీకి పక్కన కొత్తది కలపాలి, తుప్పు నిరోధక పూత వేయాలి, ఆ తర్వాతే పాలిమర్ మోర్టారు. సిమెంటు పూసి పైన రంగేస్తే రెండు మూడు వానాకాలాల్లో అదే చోట మళ్లీ ఊడుతుంది. స్తంభాల్లోనే ఈ లక్షణాలుంటే మాత్రం ధర ఎంత తగ్గించినా వద్దనే చెబుతాం. ఒక ఫ్లాట్ యజమాని స్తంభాన్ని ఒక్కడే బాగు చేయించలేడు, మిగతావాళ్లంతా కలిసిరావాలి.

కిటికీలకు యూపీవీసీ గానీ, మంచి పౌడర్ కోటింగ్ ఉన్న అల్యూమినియం గానీ వాడండి. ఫ్రేము మంచిదే అయినా మామూలు స్క్రూలు తుప్పు పట్టి పాడవుతుంది. స్క్రూలు, కీళ్లు 316 రకం స్టెయిన్‌లెస్ స్టీల్‌వి అడగండి, 304 తీరంలో మచ్చలు పడుతుంది. ఏసీ బయటి యూనిట్ సముద్రానికి ఎదురుగా కాక పక్క గోడకి బిగించి, నెలకోసారి స్విచ్ ఆపి మంచినీళ్లతో కడగండి. అద్దాల మీద ఒక్క మాట: కట్టడాల మీద గాలి భారాన్ని లెక్కగట్టే ప్రమాణం ఐఎస్ 875 ప్రకారం హైదరాబాద్‌కి లెక్కగట్టే మూల గాలివేగం సెకనుకి 44 మీటర్లు, విశాఖకి 50. గాలి తోపుడు వేగాన్ని వేగంతోనే గుణించిన లెక్కన (వర్గం) పెరుగుతుంది కనుక అక్కడి అద్దం మీద భారం దాదాపు మూడో వంతు ఎక్కువ. పెద్ద స్లైడింగ్ తలుపు పెట్టేటప్పుడు అద్దం మందం హైదరాబాద్ లెక్కన తీసుకోకండి.

ప్రశ్న: సింహాచలం దిగువన 150 గజాల స్థలం, మార్కెట్ ధరలో సగానికే వస్తోంది. నోటరీ కాగితం మీద రాసిస్తారట, త్వరలో రెగ్యులరైజ్ అవుతుందట. భీమిలి వైపు ఇంకొకటి ఉంది. ఏది మేలు? (దిల్‌సుఖ్‌నగర్ పాఠకుడు)

మొదటిది వదిలేయండి. అడవివరం, వేపగుంట, పురుషోత్తపురం, చీమలాపల్లి, వెంకటాపురం గ్రామాల భూములపై సింహాచలం దేవస్థానానికీ అక్కడ ఇళ్లు కట్టుకున్న జనానికీ మధ్య దశాబ్దాల వివాదం ఉంది. పంచగ్రామాల సమస్య అని ఊళ్లో ఎవరినడిగినా చెబుతారు. దేవస్థానం భూములు రిజిస్ట్రేషన్ చట్టంలోని 22-ఎ సెక్షన్ కింద నిషేధిత జాబితాలో ఉంటాయి, రిజిస్ట్రేషన్ కాదు. నోటరీ కాగితంతో హక్కు రాదు, బ్యాంకు అప్పు రాదు, ప్లాన్ మంజూరు కాదు. అక్కడ తరాలుగా ఉంటున్నవాళ్ల కష్టం నిజమైనదే, దానికి పరిష్కారం దొరకాలి. కొత్తగా మీరు వెళ్లి అందులో ఇరుక్కోవాల్సిన పని లేదు.

భీమిలి స్థలానికి సర్వే నంబరు తీసుకుని 22-ఎ జాబితాలో ఉందో లేదో చూడండి. కనీసం 30 ఏళ్ల ఈసీ (ఆ ఆస్తి మీద జరిగిన లావాదేవీల రికార్డు) తీయండి. ప్రభుత్వ భూ రికార్డుల వెబ్‌సైటు మీభూమిలో అడంగల్ (సాగు వివరాలు), 1-బి (యాజమాన్య వివరాలు) సరిపోల్చండి. గెడ్డ పోరంబోకు, కొండ పోరంబోకు అన్న మాటలు ఎక్కడ కనబడినా ఆగిపోండి. గెడ్డ అంటే కొండ మీంచి దిగే వాగు. ఏడాదిలో పది నెలలు ఎండి ఉంటుంది కాబట్టి చదును చేసి ప్లాట్లుగా అమ్మేస్తారు, తుపాను రాగానే నీరు పాత దారే పట్టుకుంటుంది. మాజీ సైనికుడికిచ్చిన భూమి అని చెబితే కలెక్టర్ ఎన్ఓసీ చూపించమనండి. లేఅవుట్‌కి వీఎంఆర్‌డీఏ (వుడా స్థానంలో వచ్చిన సంస్థ) ఇచ్చిన ఎల్‌పీ నంబరు, అంటే లేఅవుట్ అనుమతి నంబరు, తప్పనిసరి. పంచాయతీ అనుమతి అని చూపించే కాగితం దానికి సాటిరాదు.

సముద్రానికి దగ్గరైతే సీఆర్‌జెడ్, అంటే తీరప్రాంత నియంత్రణ నిబంధనలు, కూడా ఉంది. పోటు రేఖ నుంచి 500 మీటర్ల దాకా ఆ నిబంధనలు వర్తిస్తాయి. గోస్తని సముద్రంలో కలిసే చోటు భీమిలే, ఆటుపోట్లు తగిలే ఆ నీటి ఒడ్డుకీ ఇవి ఉంటాయి. ప్లాటు బీచ్ రోడ్డుకి సముద్రం వైపా, ఊరి వైపా అన్నది మొదటి ప్రశ్న. సముద్రం వైపుదైతే ఇల్లు కట్టుకునే ఆశ పెట్టుకోకండి.

ప్రశ్న: అక్కడ సెంట్లలో చెబుతారు, మనకి గుంటలు అలవాటు. లెక్క ఎలా?

సెంటు 48.4 గజాలు, గుంట 121 గజాలు. అంటే గుంటకి రెండున్నర సెంట్లు. ఎకరం 100 సెంట్లు లేదా 40 గుంటలు, ఎలా చూసినా 4840 గజాలే. దస్తావేజులో గజాల్లో కూడా రాయించుకోండి.

ప్రశ్న: రుషికొండ వైపు ఫ్లాట్ కొని టూరిస్టులకి రోజువారీ అద్దెకిస్తే కిస్తీ వచ్చేస్తుందని చెబుతున్నారు. నిజమేనా? (మల్కాజిగిరి పాఠకురాలు)

దసరా సెలవుల నుంచి జనవరి దాకా, ఆపైన వారాంతాల్లో గిరాకీ ఉంటుంది. మిగతా రోజులు ఖాళీ. లెక్క వేసేటప్పుడు ఆ ఖాళీ రోజుల్నే ముందు రాసుకోండి. దుప్పట్లు ఉతికించడం, శుభ్రం చేసే మనిషి జీతం, బుకింగ్ కమిషను, మెయింటెనెన్సు తీసేశాక మిగిలేది చూడండి. అంతకన్నా ముందు అపార్టుమెంటు సంఘం నియమాల్లో రోజువారీ అద్దెకు అనుమతి ఉందో లేదో రాతలో తీసుకోండి. విదేశీయులు దిగితే 24 గంటల్లో వాళ్ల వివరాలు ఆన్‌లైన్‌లో పంపడం ఇంటివాళ్ల బాధ్యత. ప్రతి వారం కొత్త మొహాలతో లిఫ్టెక్కాల్సి వచ్చే పక్కింటి పెద్దవాళ్ల ఇబ్బందినీ ఆలోచించండి. విద్యార్థులకో ఉద్యోగులకో నెలవారీ ఇస్తే ఆదాయం తక్కువైనా నిలకడగా వస్తుంది.

ఖాళీగా ఉంచేటట్లయితే పదిహేను రోజులకోసారి తలుపులు తెరిచే మనిషిని పెట్టుకోండి. అల్మరా తలుపులు కొంచెం తెరిచి ఉంచాలి, లేకపోతే బట్టలకి బూజు పడుతుంది. ఫ్రిజ్ ఆపేసి తలుపు తీసి ఉంచండి. వంటగది అరలకి ఐఎస్ 710 ముద్ర ఉన్న (మెరైన్ రకం) ప్లైవుడ్ వాడండి, పార్టికల్ బోర్డు ఆ తేమకి ఉబ్బిపోతుంది.

ప్రశ్న: మధురవాడలో కట్టబోయే ప్రాజెక్టుకి హైదరాబాద్ ఆఫీసులో ప్రీలాంచ్ కింద 30 శాతం కట్టమంటున్నారు. తేడా వస్తే ఇక్కడి రెరాకి వెళ్లొచ్చా? రిజిస్ట్రేషన్ ఇక్కడే చేయించుకోవచ్చా?

రెండూ కుదరవు. రెరా అంటే రియల్ ఎస్టేట్ నియంత్రణ సంస్థ, ఒక్కో రాష్ట్రానికి ఒక్కోటి. ఆస్తి ఎక్కడుంటే అక్కడి రెరాకే వెళ్లాలి, మీ విషయంలో ఏపీ రెరాకి. 500 చదరపు మీటర్లు దాటిన స్థలంలో గానీ, ఎనిమిది ఫ్లాట్లకు మించి గానీ కడుతుంటే రెరా నంబరు రాకముందు ప్రకటన ఇవ్వడమూ బుకింగ్ తీసుకోవడమూ నిషేధం. నంబరు వచ్చాక కూడా రిజిస్టరైన అగ్రిమెంటు లేకుండా 10 శాతానికి మించి తీసుకోకూడదు. ముందు 30 శాతం అడుగుతున్నారంటే చట్టాన్ని పక్కన పెట్టారనే అర్థం. కట్టకండి.

రిజిస్ట్రేషన్‌కి అక్కడి సబ్-రిజిస్ట్రార్ దగ్గరికే వెళ్లాలి. స్టాంపు డ్యూటీ, బదిలీ పన్ను, ఫీజు కలిపి 7.5 శాతం లెక్కేసుకోండి. ధర 50 లక్షలు, ఆపైన ఉంటే 1 శాతం టీడీఎస్ మీరే మినహాయించి కట్టాలి. అమ్మేవాళ్లు ఎన్నారై అయితే ఆ లెక్క వేరు, ఆడిటరును అడక్కుండా డబ్బివ్వకండి. పెద్దవాళ్లు ప్రయాణం చేయలేక వేరేవాళ్లని పంపితే నోటరీ చేసిన పవర్ ఆఫ్ అటార్నీ చెల్లదు. వాళ్లు నివాసముండే పరిధిలోని సబ్-రిజిస్ట్రార్ ఎదుట సంతకం చేసి అథెంటికేట్ చేయించిన అసలు కాగితం వెంట ఉండాలి, జిరాక్సుతో వెళ్తే వెనక్కి పంపుతారు.