కొత్త వెబ్‌సైటు గూగుల్‌లో కనబడట్లేదా? ముందు ఏం చూడాలి, తర్వాత ఏం చేయాలి

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇదీ: వర్డ్‌ప్రెస్‌లో సొంతంగా సైటు పెట్టుకున్నారు, రెండు నెలలైంది, ఇరవై దాకా వ్యాసాలు రాశారు. సైటు పేరు కొడితే వస్తోంది గానీ, విషయం కొడితే ఎన్ని పేజీలు తిప్పినా కనబడట్లేదు. ఎవరో వెయ్యి బ్యాక్‌లింకులు (వేరే సైట్ల నుంచి మీ సైటుకు వచ్చే లింకులు) ఇప్పిస్తాం, నెలలో మొదటి స్థానం గ్యారంటీ అంటున్నారు. డొమైన్ పేరులో (సైటు చిరునామాలో) కీవర్డ్, అంటే జనం వెతికే మాట, లేదు కాబట్టి అదీ మార్చాలేమో అని మీకు అనుమానం.

లింకులు కొనకండి, డొమైన్ మార్చకండి. కారణాలు కింద చెప్తాను. నేను కొన్నేళ్లుగా సైకిల్ రిపేర్ మీద ఒక చిన్న సైటు నడుపుతున్నాను. రాసేది, చూసుకునేది అంతా ఒక్కణ్నే. కొత్త సైటు విషయంలో ర్యాంకు గురించి ఆలోచించే ముందు తెలుసుకోవాల్సినవి రెండున్నాయి. గూగుల్ మీ పేజీలను తన జాబితాలోకి (దీన్నే ఇండెక్స్ అంటారు) అసలు తీసుకుందా? తీసుకుంటే వాటిని ఏ ప్రశ్నలకు చూపిస్తోంది? ఈ రెండూ తెలిస్తే ఏ పేజీని ఏం చేయాలో చాలావరకు దానంతటదే బయటపడుతుంది. రెండిటికీ జవాబు సైటు యజమానుల కోసం గూగుల్ ఇచ్చే సెర్చ్ కన్సోల్ అనే పనిముట్టులో ఉచితంగా దొరుకుతుంది.

కన్సోల్‌లో సైటును చేర్చేటప్పుడు 'డొమైన్' పద్ధతి ఎంచుకోండి. డొమైన్ కొన్నచోట డీఎన్‌ఎస్ (డొమైన్ పేరును సర్వర్‌కు కలిపే) సెట్టింగుల్లో గూగుల్ ఇచ్చిన ఒక టీఎక్స్‌టీ రికార్డు (చిన్న అక్షరాల వరుస) అతికిస్తే సరిపోతుంది. డబ్ల్యూడబ్ల్యూడబ్ల్యూ ఉన్నది, లేనిది, హెచ్‌టీటీపీ, హెచ్‌టీటీపీఎస్ అన్నీ ఒకే లెక్కలోకి వస్తాయి. లెక్కలు రావడం మొదలవ్వడానికి కొంచెం టైం పడుతుంది, టెన్షన్ పడకండి.

ఈలోగా వర్డ్‌ప్రెస్ సెట్టింగ్స్‌లో 'రీడింగ్' తెరిచి, అడుగున సెర్చ్ ఇంజిన్ విజిబిలిటీ అనే చోట టిక్కు ఉందేమో చూడండి. ఆ టిక్కు ఉంటే 'నన్ను ఇండెక్స్ చేయొద్దు' అని మీ సైటే ప్రతి పేజీలోనూ గూగుల్‌కు చెబుతుంది. సైటు కట్టేటప్పుడు డెవలపర్లు దాన్ని పెట్టి, అప్పగించేటప్పుడు తీయడం మర్చిపోతుంటారు. నాకు తెలిసిన ఒకరి సైటు ఇలాగే నెలల తరబడి చీకట్లో ఉండిపోయింది. వ్యాసాలు బాగాలేవేమో అని ఆయన రాసినవే మళ్లీ మళ్లీ రాస్తూ కూర్చున్నాడు పాపం. మీ సైటు పేరు కొడితే వస్తోందంటున్నారు కాబట్టి మొత్తానికి ఈ టిక్కు ఉండకపోవచ్చు. కానీ ఎస్‌ఈఓ (సెర్చ్‌లో సైటు బాగా కనబడేలా చూసే) ప్లగిన్‌లలో ఒక్కో పేజీకి విడిగా నోఇండెక్స్, అంటే ఇండెక్స్ చేయొద్దనే గుర్తు, పెట్టే వీలుంటుంది, అదీ చూసుకోండి.

ఇక్కడే చాలామంది తికమకపడే సంగతి ఒకటుంది. రోబోట్స్ ఫైలులో (ఎక్కడికి రావొచ్చో, రాకూడదో సెర్చ్ ఇంజిన్లకు చెప్పే ఫైలు) ఒక పేజీని అడ్డుకోవడం వేరు, ఆ పేజీకి నోఇండెక్స్ పెట్టడం వేరు. మొదటిది 'లోపలికి రావద్దు' అనడం, రెండోది 'వచ్చి చూడు గానీ ఫలితాల్లో చూపించకు' అనడం. రెండూ కలిపి పెడితే గూగుల్ లోపలికే రాదు కాబట్టి నోఇండెక్స్ అన్న మాట దాని కంటబడదు. ఎవరైనా బయటినుంచి లింకు ఇస్తే ఆ చిరునామా ఫలితాల్లో కనబడినా కనబడొచ్చు.

కన్సోల్‌లో 'పేజెస్' రిపోర్టు వచ్చాక, ఇండెక్స్ కాని పేజీలకు కారణాలు ఉంటాయి. 'డిస్కవర్డ్, కరెంట్లీ నాట్ ఇండెక్స్‌డ్' అంటే చిరునామా తెలిసింది, ఇంకా వచ్చి చూడలేదు అని. 'క్రాల్డ్, కరెంట్లీ నాట్ ఇండెక్స్‌డ్' అంటే వచ్చి చూసింది, ప్రస్తుతానికి పక్కన పెట్టింది అని. మొదటిదానికి మందు లోపలి లింకులు. హోమ్ పేజీ నుంచో, మరో వ్యాసం నుంచో దారి లేని పేజీలు వెనకబడిపోతాయి. సైట్‌మ్యాప్ (సైటులోని చిరునామాల జాబితా) ఇస్తే చాలదా అంటారు. వర్డ్‌ప్రెస్ 2020లో వచ్చిన 5.5 వెర్షన్ నుంచి సైట్‌మ్యాప్ తనే తయారుచేస్తోంది, దాని చిరునామా కన్సోల్‌లో ఒకసారి ఇచ్చేయండి. సైట్‌మ్యాప్ నియమం ప్రకారం ఒక్కో ఫైలులో 50,000 చిరునామాల దాకా పడతాయి కాబట్టి మీకు ఆ బాధే లేదు. కాకపోతే అది జాబితా మాత్రమే. ఏ పేజీ ముఖ్యమైనదో మీరిచ్చే లింకుల వల్లే తెలుస్తుంది. రెండో కారణం కనబడితే మాత్రం ఆ పేజీని మీరే పరాయివాళ్లలా ఒకసారి చదవండి. నాలుగు పేరాల్లో అందరూ చెప్పిందే ఉందా, లేక మీ దగ్గర తప్ప దొరకనిది ఏదైనా ఉందా?

'రిక్వెస్ట్ ఇండెక్సింగ్' బటన్ రోజూ నొక్కడం వల్ల ఒరిగేదేమీ లేదు. దానికి రోజువారీ పరిమితి ఉంది, ఒకే పేజీకి మళ్లీ మళ్లీ నొక్కినా పని వేగంగా జరగదని గూగులే చెబుతోంది.

ఇక అసలు విషయం. కన్సోల్‌లో 'పెర్ఫార్మెన్స్' రిపోర్టు తెరిచి క్లిక్కులు, ఇంప్రెషన్లు (ఫలితాల్లో కనబడిన సార్లు), సీటీఆర్ (కనబడినవాటిలో నొక్కినవాటి శాతం), పొజిషన్ (ఫలితాల్లో స్థానం) నాలుగూ ఆన్ చేయండి. అందరి కళ్లూ క్లిక్కుల మీదికే పోతాయి. కొత్త సైటులో క్లిక్కులు ఎలాగూ ఉండవు, చూసి ఉసూరుమనడం తప్ప. మీరు చూడాల్సింది ఇంప్రెషన్లు. ఒక ప్రశ్నకు మీ పేజీ ఎక్కడో రెండో పేజీలో కనబడినా అది ఇక్కడ నమోదవుతుంది. అంటే ఈ ప్రశ్నకు ఈ పేజీ పనికొస్తుందేమో అని గూగుల్ అప్పటికే అనుకుంటోందన్నమాట. పొజిషన్ 8 నుంచి 20 మధ్యలో ఉన్న ప్రశ్నలను ఏరి పెట్టుకోండి. మీ శ్రమకు తొందరగా ఫలితం వచ్చేది అక్కడే.

నా సైటులో జరిగింది చెప్తాను. చైన్ సంరక్షణ మీద ఒక పొడవైన వ్యాసం ఉంది: శుభ్రం చేయడం, నూనె వేయడం, విప్పడం, బిగించడం అన్నీ అందులోనే. దానికి వస్తున్న ప్రశ్నలు చూస్తే సగానికి పైగా ఒకే రకం. 'తొక్కుతుంటే చైన్ జారుతోంది', 'గట్టిగా తొక్కితే టక్కుమని చైన్ జారడం', 'కొత్త చైన్ వేసినా జారుతోంది'. నూనె గురించి అడిగినవాళ్లు చాలా తక్కువ. జారడం గురించి ఆ వ్యాసంలో ఉన్నవి రెండు వాక్యాలు, అవీ అడుగున. అందుకని ఆ ఒక్క ప్రశ్నకే వేరే పేజీ రాశాను. 'తొక్కేటప్పుడు సైకిల్ చైన్ ఎందుకు జారుతుంది? అరిగింది చైనా, స్ప్రాకెట్టా తేల్చుకోండి' అని శీర్షిక పెట్టాను (స్ప్రాకెట్ అంటే చైన్ తిరిగే పళ్ల చక్రం). మొదటి పేరాలోనే జవాబు పెట్టాను. ఒక పిన్ను మధ్యలో స్కేలు సున్నా ఆనించండి. కొత్త చైన్ అయితే 12 అంగుళాల గీత దగ్గర సరిగ్గా ఇంకో పిన్ను మధ్యభాగం వస్తుంది. ఆ పిన్ను అంగుళంలో పదహారో వంతు అవతలికి జరిగితే చైన్ మార్చే టైం వచ్చినట్టు. ఎనిమిదో వంతు జరిగితే వెనక స్ప్రాకెట్లు కూడా అరిగే ఉంటాయి, ఉత్త చైన్ మారిస్తే జారడం ఆగదు. అరిగిన చైన్ మీద స్కేలు పెట్టి దగ్గర నుంచి ఫోటో తీసి పెట్టాను, గీతలు చదవగలిగేలా. పాత వ్యాసంలోని ఆ రెండు వాక్యాల దగ్గర నుంచి కొత్త పేజీకి లింకు ఇచ్చాను.

కొన్ని వారాలు ఏమీ కదల్లేదు. తర్వాత మెల్లగా పైకి వచ్చి మొదటి పేజీలో కూర్చుంది, ఇప్పటికీ నా సైటులో ఎక్కువమంది చూసే పేజీ అదే. నేను దానికి బయటి లింకు ఒక్కటి కూడా అడగలేదు. తర్వాత్తర్వాత కొన్ని సైకిల్ క్లబ్బులవాళ్లు ఆ కొలత చూపించడానికి తామే లింకు ఇచ్చుకున్నారు.

మీ ఇరవై వ్యాసాలకూ ఇదే పని చేసి చూడండి. ప్రతి పేజీ ఏ ఒక్క ప్రశ్నకు జవాబో ఒక వాక్యంలో రాసుకోండి. రాయలేకపోతే ఆ పేజీ కలగూరగంప అయిందని అర్థం, విడగొట్టండి. రెండు పేజీలకు ఒకే వాక్యం వస్తే రెంటినీ కలిపి, తీసేసిన చిరునామా నుంచి 301 రీడైరెక్ట్ (అక్కడికి వచ్చినవాళ్లను శాశ్వతంగా కొత్త చిరునామాకు పంపేది) పెట్టండి. పొజిషన్ సంఖ్యను మాత్రం విడిగా నమ్మొద్దు. అది సగటు. ఒక ప్రశ్నకు మూడో స్థానం, ఇంకో ప్రశ్నకు యాభయ్యో స్థానం ఉన్నా రిపోర్టు పైన కలిపి ఒకే అంకె చూపిస్తుంది. ముందు పేజీ మీద నొక్కి, తర్వాత ప్రశ్నల ట్యాబ్ చూడండి. చాలా తక్కువమంది అడిగిన ప్రశ్నలను గోప్యత కోసం గూగుల్ దాచేస్తుంది కాబట్టి లెక్కలు పూర్తిగా కలవవు, దాన్ని పట్టించుకోవద్దు.

శీర్షిక మీద శ్రద్ధ పెట్టండి, అది పని చేస్తుంది. మెటా డిస్క్రిప్షన్ (ఫలితాల్లో శీర్షిక కింద వచ్చే చిన్న వివరణ) ర్యాంకును పెంచదు గానీ, క్లిక్ చేయాలా వద్దా అని జనం తేల్చుకునేది దాన్ని చూసే. అదీ గూగుల్ తనకు నచ్చితేనే వాడుతుంది, లేకపోతే పేజీలోంచి వేరే వాక్యం తీసుకుంటుంది. మెటా కీవర్డ్స్‌ను (పేజీ కోడ్‌లో రాసే కీవర్డ్ల జాబితా) ర్యాంకింగ్‌కు వాడట్లేదని గూగుల్ 2009లోనే ప్రకటించింది, అయినా ఇప్పటికీ వాటిని నింపమని చెప్పే వీడియోలు వస్తూనే ఉన్నాయి. ఎస్‌ఈఓ ప్లగిన్‌లో పచ్చ లైటు వెలగడం ఆ ప్లగిన్ అభిప్రాయం, గూగుల్‌ది కాదు. కీవర్డ్ ఇన్నిసార్లు రావాలనే లెక్క కోసం వాక్యాలను వంకర్లు తిప్పకండి.

వేగం గురించి కూడా మీరు కంగారు పడుతున్నట్టున్నారు. గూగుల్ పెట్టిన కొలతలు మూడు: పేజీలో పెద్ద భాగం 2.5 సెకన్లలోపు కనబడాలి, నొక్కితే 200 మిల్లీసెకన్లలోపు స్పందించాలి, లోడయ్యేటప్పుడు పేజీ అటూ ఇటూ గెంతడం 0.1 స్కోరు దాటకూడదు. ఇవి నిజమైన సందర్శకుల నుంచి తీసుకునే లెక్కలు కాబట్టి, జనం లేని కొత్త సైటుకు కన్సోల్‌లో ఈ కొలతల రిపోర్టు ఖాళీగానే ఉంటుంది. అది లోపం కాదు. మీరు చేయాల్సిందల్లా ఫోన్‌లో తీసిన ఐదారు ఎంబీల ఫోటోలను అలాగే ఎక్కించకుండా, వెడల్పు 1,200 పిక్సెళ్లకు తగ్గించి వెబ్‌పీ అనే తేలికైన ఫోటో ఫార్మాట్‌లో పెట్టడం. ప్రతి ఫోటోకూ వెడల్పు, ఎత్తు ముందే రాసి ఉంటే పేజీ గెంతదు. అక్కర్లేని ప్లగిన్‌లు తీసేయండి. వేగం టెస్టులో నూటికి నూరు రావాలని రాత్రుళ్లు మేలుకోవడం దండగ.

హెచ్‌టీటీపీఎస్ (సైటుకూ సందర్శకుడికీ మధ్య సమాచారాన్ని భద్రంగా పంపే పద్ధతి) తప్పనిసరి. దానికి కావాల్సిన లెట్స్ ఎన్‌క్రిప్ట్ సంస్థ సర్టిఫికెట్ ఉచితమే, చాలా హోస్టింగులు ఒక్క బటన్‌తో ఇస్తాయి. ర్యాంకులో దాని వాటా తక్కువే గానీ, అది లేకపోతే బ్రౌజరే సందర్శకుణ్ని భయపెడుతుంది. ఇంకో మాట: గూగుల్ ఇప్పుడు ఇండెక్స్ చేసేది మీ సైటు మొబైల్ రూపాన్నే. థీమ్ ఫోన్‌లో ఏదైనా భాగాన్ని పూర్తిగా తీసేస్తుంటే, ఆ భాగం గూగుల్ దృష్టిలో లేనట్టే.

వెయ్యి లింకుల ఆఫర్ సంగతికొస్తే, లింకులకు విలువ ఉన్నమాట నిజమే. లారీ పేజ్, సెర్గీ బ్రిన్ స్టాన్‌ఫర్డ్‌లో గూగుల్‌ను మొదలుపెట్టిందే లింకులను లెక్కగట్టే పేజ్‌ర్యాంక్ మీద. అందుకే వాటిని అమ్మే వ్యాపారం పుట్టింది, అందుకే గూగుల్ 2012లో పెంగ్విన్ అప్‌డేట్‌తో ఆ వ్యాపారం మీద పడింది. ర్యాంకు కోసం లింకులు కొనడం దాని స్పామ్ నియమాలకు విరుద్ధం. చాలాసార్లు ఆ లింకులను లెక్కలోకే తీసుకోదు, అంటే మీ డబ్బు గంగపాలు. కొన్నిసార్లు మాన్యువల్ యాక్షన్ (గూగుల్ సిబ్బంది చూసి వేసే శిక్ష) వస్తుంది, అప్పుడు ఉన్నది కూడా పోతుంది. మొదటి స్థానం ఎవరూ గ్యారంటీ ఇవ్వలేరని గూగుల్ తన సొంత పేజీల్లోనే రాసిపెట్టింది. ఆ ఒక్క మాట అడిగి చూడండి, ఫోన్లు వాటంతటవే తగ్గిపోతాయి.

కృత్రిమ మేధతో రోజుకు వంద వ్యాసాలు గుమ్మరించమనే సలహా కూడా మీకు ఎవరో ఒకరు ఇస్తారు. 2024 మార్చిలో వచ్చిన గూగుల్ నియమం ప్రకారం, ర్యాంకు కోసం పనికిరాని పేజీలను కుప్పలుగా పోయడమే తప్పు. అవి మనిషి రాశాడా, యంత్రం రాసిందా అన్నది తర్వాతి సంగతి.

ఎంతకాలం పడుతుందంటారా? కొన్ని మార్పులు గంటల్లో కనబడతాయి, కొన్నిటికి నెలలు పడతాయి. ఏ పేజీలో ఏ తేదీన ఏం మార్చారో ఒక నోట్‌బుక్‌లో రాసుకుని, ఆ పేజీని కొన్ని వారాలు ముట్టుకోకండి. రోజుకో శీర్షిక మారిస్తే ఏది పని చేసిందో మీకే తెలియదు. కన్సోల్ 16 నెలల లెక్కలు ఉంచుతుంది కాబట్టి ముందు, తర్వాత పోల్చుకోవచ్చు.

చివరిగా డొమైన్. పేరులో కీవర్డ్ ఉన్నంత మాత్రాన ర్యాంకులో దాదాపు ఏ తేడా రాదని గూగుల్ ప్రారంభ గైడ్‌లోనే ఉంది. మార్చారంటే మాత్రం ప్రతి పాత చిరునామా నుంచి కొత్తదానికి 301 పెట్టాలి, కన్సోల్‌లో 'చేంజ్ ఆఫ్ అడ్రస్' నింపాలి, ఆ రీడైరెక్టులు కనీసం ఏడాది నిలబడాలి, అన్నాళ్లూ పాత డొమైన్‌కూ డబ్బు కట్టాలి. ఇప్పుడున్న పేరు పలకడానికి, రాయడానికి తేలిగ్గా ఉంటే దాన్నే ఉంచి ఆటో రెన్యువల్ ఆన్ చేసేయండి.